వెనక బెంచీ లేని బడి

ఆంటిగ్వా అనగానే మనవాళ్లకు క్రికెటర్ వివియన్ రిచర్డ్స్ గుర్తొస్తాడు. ఇది ఆయన పుట్టిన దీవి కథ కాదు. మెక్సికోకు ఆనుకుని, దక్షిణాన గ్వాటెమాలా అనే దేశం ఉంది. ఆ దేశపు పాత రాజధాని పేరు కూడా ఆంటిగ్వానే. పదిహేను వందల మీటర్ల ఎత్తున, మూడు అగ్నిపర్వతాల నీడలో, రాళ్లు పరిచిన వీధులతో ఉంటుంది. 1773లో వరస భూకంపాలకు ఊరు కుప్పకూలడంతో పాలకులు రాజధానిని ఇప్పటి గ్వాటెమాలా సిటీకి మార్చేశారు. కూలిన చర్చిలను అలాగే వదిలేసి మిగిలిన జనం ఇక్కడే ఉండిపోయారు. ఆ శిథిలాల పుణ్యమా అని 1979లో యునెస్కో వారసత్వ జాబితాలోకి ఎక్కింది. ఇప్పుడు ఊరి బతుకుతెరువు కాఫీ, టూరిస్టులు, ఆ తర్వాత మాటలు. స్పానిష్ మాట్లాడటం నేర్పి బతికే కుటుంబాలు ఇక్కడ వీధి వీధికీ ఉన్నాయి.

బడి అంటే చాలాచోట్ల ఓ పాత ఇల్లే. మధ్యలో తోట, చుట్టూ వసారా, వసారాలో దూరం దూరంగా చిన్న బల్లలు. ఒక్కో బల్లకు రెండే కుర్చీలు, ఒకటి టీచరుకు, ఒకటి విద్యార్థికి. ఉదయం ఎనిమిదికి మొదలైతే పన్నెండు దాకా, మధ్యలో కాఫీకి ఓ అరగంట. మిగతా సేపంతా ఆ ఇద్దరే. పక్కవాడి నోట్సులోకి తొంగిచూసే వీలు లేదు. మనకంటే ముందు ఎవరో ఒకరు జవాబు చెప్పేస్తారన్న ఆశ లేదు. చిన్నప్పటి నుంచీ వెనక బెంచీలో నెట్టుకొచ్చినవాళ్లకు ఇది నరకం. వారం తిరక్కుండానే మీ ఇంట్లో ఎందరు, మీ అక్కకు పెళ్లయిందా, మీరెందుకు చేసుకోలేదు, జీతమెంత అన్నీ టీచరుకు తెలిసిపోతాయి. ఆవిడ సంగతులు మీకూ తెలుస్తాయి. భూతకాలపు క్రియలు అలాగే వంటబడతాయి మరి.

నన్నడిగితే నాలుగు గంటలు మరీ ఎక్కువ. మూడో గంటకు బుర్ర మొరాయిస్తుంది, తెలిసిన మాట కూడా నోటికి రాదు. అనుభవమున్న టీచర్లు ఆ ఘడియను ఇట్టే కనిపెడతారు. పుస్తకం మూసి, పద బజారుకెళ్దాం అంటారు. పాఠం ఆగదు, కాళ్లకు పని దొరుకుతుందంతే.

ఒక టీచరుకు ఒకే విద్యార్థి అనే ఈ పద్ధతి వేళ్లూనుకోవడంలో ‘ప్రొయెక్తో లింగ్విస్తికో ఫ్రాన్సిస్కో మర్రోకిన్’ అనే సంస్థది పెద్ద వాటా. 1969లో మొదలైంది. నిజానికి దాని అసలు పని ఇక్కడి ఆదివాసులైన మాయా ప్రజల భాషల మీద. ఆ భాషలు మాట్లాడేవాళ్లకే భాషాశాస్త్రంలో శిక్షణనిచ్చి, తమ భాషల నిఘంటువులు, వ్యాకరణాలు తామే రాసుకునేలా చేసింది. విదేశీయులు స్పానిష్ నేర్చుకోవడానికి కట్టే ఫీజు ఆ పనికి ఆసరా అయింది. తర్వాత్తర్వాత ఆంటిగ్వా నిండా అలాంటి బళ్లు వెలిశాయి. కేత్సాల్తెనాంగోలోనూ, అతిత్లాన్ సరస్సు ఒడ్డున సాన్ పెద్రోలోనూ అదే పద్ధతి నడుస్తోంది.

పన్నెండున్నరకు ఇల్లు చేరితే అసలు పరీక్ష. చాలామంది విద్యార్థులు స్థానిక కుటుంబాల ఇళ్లలో ఉంటారు. గది, సోమవారం నుంచి శనివారం దాకా మూడు పూటలా భోజనం. ఆదివారం ఇంటావిడకు సెలవు, మీ తిండి మీరు చూసుకోవాలి. ఆమెను మర్యాదకు పేరు ముందు ‘దోన్యా’ చేర్చి పిలుస్తారు. పొద్దున నల్ల చిక్కుడు గింజల ముద్ద, గుడ్లు, వేయించిన అరటిపండు. మధ్యాహ్నం సూపు, అన్నం, బట్టలో చుట్టిన వేడి వేడి మొక్కజొన్న రొట్టెలు, తోర్తియాలు. మేలురకం కాఫీ పండించే దేశమే గానీ మేలైన గింజలు ఎగుమతికి పోతాయి, ఇళ్లలో తాగేది నీళ్ల కాఫీ.

మనవాళ్లకు ఇక్కడ రెండు ఆశ్చర్యాలు. మన వంటింటిని ఏలుతున్న మిరపకాయ పుట్టింది ఈ చుట్టుపక్కలే, అయినా కూర చప్పగా ఉంటుంది. కారం కావాలంటే బల్ల మీద చిన్న గిన్నెలో చిల్తెపె మిరపకాయలుంటాయి, గింజంత కాయే, నాలుక మండిపోతుంది. ఇక శాకాహారుల అవస్థ. మాంసం తిననని స్పానిష్‌లో తప్పు లేకుండా చెప్తే ఆవిడ ప్రేమగా కోడికూర వడ్డిస్తుంది. ఆమె లెక్కలో మాంసమంటే గొడ్డు మాంసమే. కాబట్టి కోడి, చేప, పంది అని విడివిడిగా వద్దని చెప్పుకోవాలి, చిక్కుడు గింజల్లో పంది కొవ్వు వేశారా అని కూడా అడగాలి. ఇదంతా మొదటి వారంలోనే వచ్చేయాల్సిన వ్యాకరణం. తినడమైపోయి లేచేటప్పుడు ‘ముచాస్ గ్రాసియాస్’ అని థాంక్స్ చెప్తే కూర్చున్నవాళ్లు ‘బ్వేన్ ప్రొవేచో’ అంటారు. అనకుండా లేస్తే ఎవరూ తిట్టరు, కానీ పిల్లలు మొహమొహాలు చూసుకుంటారు.

తెలుగువాళ్లకు కొన్ని తేలిక. స్పానిష్ త, ద మన త, ద లాంటివే. ఇంగ్లీషువాళ్లకు అవి ఎంతకీ పట్టుబడవు. ‘వచ్చాను, వచ్చావు’ అన్నట్టు క్రియ చివరే మనిషి ఎవరో చెప్పేస్తుంది కాబట్టి ‘నేను, నువ్వు’ అక్కర్లేదు. ‘నాకు నచ్చింది’ అన్న వాక్య నిర్మాణం కూడా మనదాని లాగే ఉంటుంది. అమెరికా విద్యార్థి దాంతో వారాలు కుస్తీ పడుతుంటే మనవాళ్లు మొదటి రోజే దాటేస్తారు. మీరు, నువ్వు తేడా కొత్తేమీ కాదు. గ్వాటెమాలాలో స్నేహితుల మధ్య ‘వోస్’, మర్యాదకు ‘ఉస్తెద్’. చిక్కల్లా వేరేచోట ఉంది. ‘ఆయన డాక్టరు’ అని క్రియ లేకుండానే వాక్యం ముగించే అలవాటు మనది. స్పానిష్‌కు అక్కడ క్రియ ఉండి తీరాలి, పైగా ఒకటి కాదు, రెండు రకాలు. బల్లకు, పుస్తకానికి ఆడా మగా చూడటం మరో తలనొప్పి.

మధ్యాహ్నం తర్వాత ఊరే పాఠం. అంటే, విద్యార్థి సాటి విదేశీయులతో ఇంగ్లీషు కబుర్లలో పడకపోతే. చాలామంది పడతారు, నెల గడిచాక ఏమీ రాలేదని వాపోతారు. పడనివాళ్లు సెంట్రల్ పార్కు బెంచీ మీద కూర్చుంటే చాలు, బూటు పాలిష్ కుర్రాడు పలకరిస్తాడు. రోడ్ల మీద ఎర్ర ఆటోలు తిరుగుతుంటాయి. అవి మన బజాజ్ ఆటోలే, ఇండియా నుంచి వెళ్లినవే. డ్రైవరుతో ఆ మాటంటే ప్రయాణం పొడవునా మాటలే. యాలకుల ప్రస్తావన తెచ్చినా అంతే. ప్రపంచానికి యాలకులు ఎగుమతి చేయడంలో గ్వాటెమాలాదే అగ్రస్థానం, అరబ్బుల కాఫీలోకి వెళ్లేవి ఎక్కువగా ఇక్కడివే. ఇక్కడి ఇళ్లలో మాత్రం వాటి వాసన తెలియనివాళ్లే ఎక్కువ. రాజధానికి వెళ్లే బస్సులు అమెరికాలో స్కూలు పిల్లలను మోసి రిటైరైనవి, వాటికి జిగేలుమనే రంగులు వేసి నడుపుతారు. తలుపు దగ్గర వేలాడుతూ ‘గ్వాతె, గ్వాతె’ అని అరిచే కుర్రాడి స్పానిష్ అర్థమైతే మీరు పాసైనట్టే.

ఈస్టరుకు ముందు వారం మాత్రం చదువు సాగదు. ఊరేగింపులు నడిచే దారుల్లో ఇళ్లవాళ్లు రంగు రంపపు పొట్టుతో, పూలతో, పైన్ ఆకులతో వీధంతా తివాచీలు పరుస్తారు. సంక్రాంతి ముగ్గును వీధి వెడల్పున, రాత్రంతా మేలుకుని పెట్టినట్టు ఉంటుంది. ఊదా అంగీల మనుషులు పెద్ద పల్లకీని మోసుకుంటూ దాని మీదుగా నడిచిపోతారు. ఆ పండుగను 2022లో యునెస్కో గుర్తించింది. ఇంటావిడ చేతికి జల్లెడ ఇస్తే సిగ్గుపడకుండా పొట్టు జల్లించాలి. ఆజ్ఞార్థక క్రియలు నేర్చుకోవడానికి అంతకు మించిన రోజు లేదు.

బజారులో కూరగాయలమ్మే ఆడవాళ్లలో చాలామందిది కక్చికెల్ అనే మాయా భాష. గ్వాటెమాలాలో ఇరవై రెండు మాయా భాషలున్నాయి. వాళ్లకూ స్పానిష్ నేర్చుకున్న భాషే, కాకపోతే సెలవులకు వచ్చి నేర్చుకున్నది కాదు. బడి, కోర్టు, ఆసుపత్రి అన్నీ ఆ భాషలోనే ఉండటం వల్ల తప్పనిసరైంది. 1992లో నోబెల్ శాంతి బహుమతి పొందిన రిగోబెర్తా మెంచు కూడా కిచే మాయా ఇంట్లో పుట్టి, తర్వాతే స్పానిష్ నేర్చుకుంది. 1960 నుంచి 1996 దాకా సాగిన అంతర్యుద్ధంలో హతమైనవాళ్లలో అత్యధికులు మాయా ప్రజలే. ఆ చరిత్రను బడి పుస్తకంలో వెతికితే దొరక్కపోవచ్చు, వసారాలో బల్లకు అటువైపున్న ఆవిడ గొంతు తగ్గించి చెప్తుంది. అప్పటికి అర్థం చేసుకునేంత భాష వచ్చి ఉండాలి. ఇంత దూరం వచ్చినందుకు నా దృష్టిలో అసలైన ప్రతిఫలం అదే.

అందరూ అంత లోతుకు రావాలని లేదు. అమెరికా ఆసుపత్రుల్లో పనిచేసే డాక్టర్లు, నర్సులు రోగితో నేరుగా మాట్లాడాలని వస్తారు. అలాంటివాళ్ల కోసం వైద్యపు స్పానిష్ పాఠాలు వేరుగా ఉంటాయి, టీచరే రోగిగా నటిస్తూ పొత్తికడుపు పట్టుకుని మూలుగుతుంది. టెక్సస్‌లోనో కాలిఫోర్నియాలోనో ప్రాక్టీసు పెట్టిన మన డాక్టర్లకు ఇది రోజూ పనికొచ్చే చదువు.

టీచర్ల బతుకు మాత్రం నిలకడ లేనిది. ఎక్కువమందికి విద్యార్థి ఉంటేనే కూలి, విద్యార్థి లేని వారం కూలీ ఉండదు. 2020లో కరోనా వల్ల మార్చి నుంచి సెప్టెంబరు దాకా రాజధాని విమానాశ్రయం మూతపడినప్పుడు ఊళ్లో వసారాలన్నీ ఖాళీ అయిపోయాయి. చాలామంది ఫోన్లలో, లాప్‌టాప్‌లలో పాఠాలు మొదలుపెట్టారు, కొందరు ఇప్పటికీ కొనసాగిస్తున్నారు. వాళ్లకు ఉదయం ఎనిమిదైతే హైదరాబాదులో రాత్రి ఏడున్నర. ఆఫీసు నుంచి వచ్చి, స్నానం చేసి కూర్చోవడానికి సరిగ్గా సరిపోయే వేళ. టికెట్ ఖర్చు లేదు. ఆ బల్లకూ రెండే కుర్చీలు.