ఆపరేటింగ్ సిస్టమ్ అప్‌డేట్ విఫలమైతే ముందుగా ఫర్మ్‌వేర్‌ను పరిశీలించాలి

ప్రత్యేక వ్యాసం

ఆపరేటింగ్ సిస్టమ్‌ను అప్‌డేట్ చేసిన తరువాత కంప్యూటర్ తిరిగి ప్రారంభం కాకపోవడం, నీలి తెరపై దోష సందేశం చూపి ఆగిపోవడం, కొంతసేపు ప్రయత్నించి పాత స్థితికే మరలడం కార్యాలయాలలో కనిపించే సమస్యలే. ఇటువంటి సందర్భాలలో అప్‌డేట్‌లోనే లోపం ఉన్నదని భావించి దానిని శాశ్వతంగా నిలిపివేయడమో, యంత్రం పాడైనదని నిర్ధారించి పక్కన పెట్టడమో జరుగుతూ ఉంటుంది. అయితే ఈ రెండూ కాక మూడవ కారణం ఉండవచ్చు. అది ప్రాసెసర్‌కు సంబంధించిన ఫర్మ్‌వేర్ పాతబడి ఉండటం. ఈ కారణాన్ని గుర్తించకపోతే భద్రతా అప్‌డేట్లు అందక సమాచారానికి ముప్పు వాటిల్లుతుంది. పనిచేయగల యంత్రం మూలన పడుతుంది. దానిపై ఆధారపడిన ప్రజల పనులు నిలిచిపోతాయి.

ప్రాసెసర్‌కూ సరిదిద్దే అవకాశం

కంప్యూటర్ విద్యుత్ అందుకున్న వెంటనే, ఆపరేటింగ్ సిస్టమ్ కంటే ముందుగా పనిచేసే ప్రోగ్రామును ఫర్మ్‌వేర్ అంటారు. మదర్‌బోర్డుపై ఉండే చిప్‌లో ఇది నిక్షిప్తమై ఉంటుంది. వాడుకలో దీనిని బయోస్ అని పిలుస్తున్నప్పటికీ ఇటీవలి యంత్రాలలో ఉండేది యూఈఎఫ్ఐ అనే నూతన రూపం. ప్రాసెసర్ తనకు అందిన ఆదేశాలను ఏ విధంగా అమలు చేయాలో నిర్దేశించే అంతర్గత సూచనల సముదాయాన్ని మైక్రోకోడ్ అంటారు.

1994లో ఇంటెల్ పెంటియం ప్రాసెసర్లలో భాగహార లోపం బయటపడినప్పుడు దానిని సాఫ్ట్‌వేర్ ద్వారా ప్రాసెసర్‌లోనే సవరించే మార్గం లేకపోయింది. చిప్‌లను మార్చి ఇవ్వవలసి రావడంతో ఆ సంస్థకు 47.5 కోట్ల డాలర్ల భారం పడింది. 1995లో వచ్చిన పెంటియం ప్రో నుండి మైక్రోకోడ్‌ను సరిదిద్దే సౌకర్యం ఏర్పడింది.

ఇక్కడ ముఖ్యంగా గమనించవలసిన విషయం ఒకటి ఉన్నది. సవరించిన మైక్రోకోడ్ ప్రాసెసర్‌లో శాశ్వతంగా నిలవదు. విద్యుత్ ఆగిపోగానే తొలగిపోతుంది. కంప్యూటర్‌ను ప్రారంభించిన ప్రతిసారీ బయోస్ దానిని మళ్లీ అందిస్తుంది. ఆ తరువాత ఆపరేటింగ్ సిస్టమ్ వద్ద అంతకంటే కొత్తది ఉంటే దానిని అందించగలదు. బయోస్ పాతదైతే ప్రాసెసర్ ప్రతి ఉదయం పాత సూచనలతోనే పని మొదలుపెడుతుందన్నమాట. కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ ఆశించే స్థితికి, ఫర్మ్‌వేర్ చూపే స్థితికి పొంతన కుదరనప్పుడు అప్‌డేట్ విఫలమవుతుంది.

2023 ఆగస్టు ఉదంతం

ఈ విషయానికి 2023లో జరిగిన ఉదంతం చక్కని ఉదాహరణ. ఆ సంవత్సరం ఆగస్టు 22న మైక్రోసాఫ్ట్ సంస్థ విండోస్ 11 కోసం కెబి5029351 అనే ప్రివ్యూ అప్‌డేట్‌ను విడుదల చేసింది. దానిని అమర్చిన కొన్ని కంప్యూటర్లు ‘అన్‌సపోర్టెడ్ ప్రాసెసర్’ అనే సందేశంతో నీలి తెర చూపి ఆగిపోయాయి. ఎంఎస్ఐ సంస్థ తయారుచేసిన, ఇంటెల్ 600, 700 శ్రేణి చిప్‌సెట్లు గల మదర్‌బోర్డుల వినియోగదారులు ఈ సమస్యను ఎదుర్కొన్నారు. ఆ యంత్రాలలోని ప్రాసెసర్లు విండోస్ 11కు తగినవే కావడంతో ఈ సందేశం పలువురిని అయోమయానికి గురిచేసింది.

మొదట అందరి దృష్టి అప్‌డేట్ పైనే పడింది. మైక్రోసాఫ్ట్, ఎంఎస్ఐ సంస్థలు జరిపిన పరిశీలనలో కారణం అప్‌డేట్ కాదని, రెండు రకాల కోర్లు గల కొన్ని ఇంటెల్ ప్రాసెసర్లకు సంబంధించిన ఫర్మ్‌వేర్ అమరికలలో ఉన్నదని తేలింది. ఎంఎస్ఐ సంస్థ కొత్త మైక్రోకోడ్‌తో కూడిన బయోస్‌ను విడుదల చేసి పరిష్కరించింది. ప్రాసెసర్‌ను గాని మదర్‌బోర్డును గాని మార్చవలసిన అవసరం రాలేదు.

లినక్స్ వినియోగదారులకు సైతం ఇటువంటి అనుభవం ఉన్నది. 2019 జూలైలో వచ్చిన ఏఎండీ రైజెన్ 3000 శ్రేణి ప్రాసెసర్లపై అప్పటి కొన్ని కొత్త లినక్స్ పంపిణీలు ప్రారంభం కాలేదు. యాదృచ్ఛిక సంఖ్యలను ఇవ్వవలసిన ప్రాసెసర్ ఆదేశం సరిగా పనిచేయకపోవడం అందుకు కారణం. బయోస్ అప్‌డేట్‌తోనే ఆ సమస్య కూడా తీరింది.

తొందరపాటూ తగదు

పాత ఫర్మ్‌వేర్ ఎంత ప్రమాదమో, పరీక్షించకుండా కొత్తదానిని అన్ని యంత్రాలకూ ఒకేసారి అమర్చడం కూడా అంతే ప్రమాదమని 2018 అనుభవం తెలియజేస్తున్నది. మెల్ట్‌డౌన్, స్పెక్టర్ అనే ప్రాసెసర్ లోపాలు 2018 జనవరి 3న వెల్లడయ్యాయి. వాటిలో ఒకదానిని అరికట్టడానికి కొత్త మైక్రోకోడ్ అవసరమైంది. దానిని అమర్చిన కొన్ని యంత్రాలు తరచుగా వాటంతట అవే పునఃప్రారంభం కావడంతో, ఆ మైక్రోకోడ్ వినియోగాన్ని ఆపివేయవలసిందిగా జనవరి 22న ఇంటెల్ స్వయంగా కోరింది. ఆ రక్షణను తాత్కాలికంగా నిలిపివేసే ప్రత్యేక అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ ఆ నెలలోనే విడుదల చేయవలసి వచ్చింది. అందువల్ల ముందుగా ఒకటి రెండు యంత్రాలపై పరీక్షించి, కొన్ని రోజులు పరిశీలించిన మీదటే మిగిలినవాటికి అమర్చడం శ్రేయస్కరం.

కారణాన్ని గుర్తించడం ఎలా?

అప్‌డేట్ ఏ దశలో ఆగిందన్నది మొదట చూడాలి. డౌన్‌లోడ్ దశలోనే ఆగితే ఇంటర్నెట్ సంబంధాన్ని, డిస్క్‌లో ఖాళీని పరిశీలించాలి. డౌన్‌లోడ్ పూర్తయి, పునఃప్రారంభ సమయంలో ఆగితే, అందులోనూ సందేశంలో ప్రాసెసర్ ప్రస్తావన ఉంటే, ఫర్మ్‌వేర్‌ను అనుమానించాలి. ఒకే మోడల్‌కు చెందిన యంత్రాలన్నీ ఒకే విధంగా విఫలమై, వేరే మోడల్ యంత్రాలు సజావుగా పనిచేస్తుంటే ఆ అనుమానం బలపడుతుంది.

విండోస్‌లోని ‘సిస్టమ్ ఇన్ఫర్మేషన్’ పేజీలో బయోస్ వెర్షన్, తేదీ, యంత్రం మోడల్ కనిపిస్తాయి. లినక్స్‌లో ప్రాసెసర్ వివరాలు చూపే సిపియుఇన్ఫో ఫైలులో మైక్రోకోడ్ వెర్షన్ తెలుస్తుంది. ఈ వివరాలను తయారీ సంస్థ వెబ్‌సైట్‌లో అదే మోడల్‌కు ఇచ్చిన తాజా వెర్షన్‌తో పోల్చి చూడాలి.

పాటించవలసిన క్రమం

1. దోష సందేశాన్ని ఫోటో తీసి, అప్‌డేట్ సంఖ్యను నమోదు చేయాలి. యంత్రం ప్రారంభం కాని పక్షంలో విండోస్ రికవరీ తెర నుండి తాజా అప్‌డేట్‌ను తొలగించి ముందుగా పాత స్థితికి తీసుకురావాలి.

2. ముఖ్యమైన ఫైళ్లను వేరే డిస్క్‌లో భద్రపరచాలి.

3. డిస్క్‌కు బిట్‌లాకర్ రక్షణ ఉంటే 48 అంకెల రికవరీ కీని ముందే వేరొక చోట రాసి ఉంచి, బయోస్ మార్పు పూర్తయ్యే వరకు ఆ రక్షణను తాత్కాలికంగా నిలిపివేయాలి. ఈ జాగ్రత్త విస్మరిస్తే బయోస్ మారిన తరువాత యంత్రం కీని అడుగుతుంది. కీ లేకపోతే అందులోని ఫైళ్లు చేజారినట్లే.

4. తయారీ సంస్థ వెబ్‌సైట్ నుండి మాత్రమే, మదర్‌బోర్డు లేదా ల్యాప్‌టాప్ మోడల్‌కు కచ్చితంగా సరిపోయే బయోస్‌ను తీసుకోవాలి.

5. డెస్క్‌టాప్‌కు యూపీఎస్, ల్యాప్‌టాప్‌కు చార్జర్ తప్పనిసరిగా అనుసంధానించాలి. బయోస్ రాస్తుండగా విద్యుత్ పోతే మదర్‌బోర్డు పనికిరాకుండా పోయే ప్రమాదం ఉన్నది.

6. పని పూర్తయ్యాక తేదీ, బూట్ క్రమం, సెక్యూర్ బూట్, టీపీఎం అమరికలను సరిచూడాలి. కొన్ని యంత్రాలలో ఇవి తొలి స్థితికి మారిపోతాయి.

7. ఆ తరువాతనే ఆపరేటింగ్ సిస్టమ్ అప్‌డేట్‌ను మళ్లీ ప్రయత్నించి, బిట్‌లాకర్ రక్షణను పునరుద్ధరించాలి.

ఫర్మ్‌వేర్‌తో తీరని సందర్భాలు

ప్రతి వైఫల్యమూ ఫర్మ్‌వేర్‌తో పరిష్కారం కాదు. విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగియడంతో అనేక కార్యాలయాలకు విండోస్ 11కు మారవలసిన అవసరం ఏర్పడింది. దీనికి టీపీఎం 2.0 భద్రతా సదుపాయం ఉండాలి. చాలా యంత్రాలలో ఈ సదుపాయం ఉండి కూడా బయోస్‌లో నిలిపివేసి ఉంటుంది. దానిని తెరిస్తే సరిపోతుంది. ప్రాసెసరే అర్హత జాబితాలో లేనప్పుడు మాత్రం బయోస్ మార్పు ఫలితమివ్వదు. ఈ రెండింటి మధ్య తేడా తెలిస్తే కొత్త యంత్రాల కొనుగోలుపై అనవసర వ్యయాన్ని నివారించవచ్చు.

కార్యాలయాలలో ప్రతి యంత్రానికి మోడల్, బయోస్ వెర్షన్, చివరిసారి మార్చిన తేదీలతో రిజిస్టరు నిర్వహిస్తే సమస్య వచ్చినప్పుడు వెతుకులాట తప్పుతుంది. అప్‌డేట్ల వైఫల్యంపై వార్తలు రాసే పాత్రికేయులు సైతం తొలి ఫిర్యాదుతోనే కారణాన్ని నిర్ధారించకుండా, ఆపరేటింగ్ సిస్టమ్ సంస్థ, మదర్‌బోర్డు సంస్థ, ప్రాసెసర్ సంస్థల ప్రకటనలను కలిపి చూడటం అవసరం. 2023 ఉదంతంలో నింద పడింది అప్‌డేట్ పైన, లోపం ఉన్నది ఫర్మ్‌వేర్‌లో. ఫర్మ్‌వేర్ ముందు, ఆపరేటింగ్ సిస్టమ్ తరువాత అన్న క్రమాన్ని పాటిస్తే ఇటువంటి వైఫల్యాలలో చాలావాటిని ముందుగానే నివారించవచ్చు.