సిద్ధాంతగ్రంథ రచన: తెలుగు పరిశోధక విద్యార్థుల అనుభవాలు – ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:

తెలుగులో పీహెచ్.డి. చేసే విద్యార్థి ప్రవేశపరీక్ష మొదలుకొని మౌఖికపరీక్ష వరకు ఎన్నో గడపలు దాటాలి. ప్రతి గడప దగ్గరా అతని సామర్థ్యంలో ఏదో ఒక అంశాన్ని కొలుస్తారు. కానీ పట్టాకు ఆధారమైన అసలు పనిని, అంటే ఒక అధ్యాయాన్ని ఆలోచించి రాయడాన్ని, పాఠ్యక్రమంలో క్రమబద్ధంగా నేర్పే సందర్భం చాలా అరుదు. ఈ లోటు సిద్ధాంతగ్రంథం రూపాన్ని, విద్యార్థి తన సొంత పరిశీలన మీద పెట్టుకొనే నమ్మకాన్ని ఎలా ప్రభావితం చేస్తుందో ఈ వ్యాసం వివరిస్తుంది. ఇది గణాంక సర్వే కాదు. వ్యాసకర్త సొంత అనుభవం, పరిశోధక విద్యార్థులతో జరిపిన సంభాషణలు, విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యు.జి.సి.) నియమావళి దీనికి ఆధారాలు.

కీలకపదాలు: పీహెచ్.డి., సిద్ధాంతగ్రంథం, పరిశోధన పద్ధతులు, క్షేత్రపర్యటన, పర్యవేక్షణ, యూనికోడ్.

1. ఉపోద్ఘాతం:

బిరుదురాజు రామరాజు సిద్ధాంతగ్రంథం ‘తెలుగు జానపద గేయ సాహిత్యము’ 1958లో పుస్తకంగా వెలువడింది. సి. నారాయణరెడ్డి ‘ఆధునికాంధ్ర కవిత్వము: సంప్రదాయములు – ప్రయోగములు’ 1967లో అచ్చయింది. రెండూ ఉస్మానియా విశ్వవిద్యాలయంలో పీహెచ్.డి. పట్టా కోసం రాసినవే. అయినా వాటిని పట్టా కోసం రాసిన పుస్తకాలుగా ఎవరూ చదవలేదు. ఎం.ఏ. విద్యార్థి నేటికీ వాటిని గ్రంథాలయం నుంచి తెచ్చుకొంటాడు.

ఆనాటి పరిశోధనలన్నీ ఉన్నతమైనవనీ, ఈనాటివన్నీ నాసిరకమనీ సభల్లో వినిపించే మాటతో నాకు ఏకీభావం లేదు. ఆనాడు విశ్వవిద్యాలయం మెట్లెక్కిన వారు కొద్దిమంది. వారిలో చాలామంది అప్పటికే కవులు, పండితులు, పత్రికలకు రాసేవారు. ఈనాడు తెలుగుశాఖలో చేరే పరిశోధకుల్లో అధికభాగం ఆ కుటుంబంలో మొదటిసారి డిగ్రీ చదివినవారు. దళిత, స్త్రీ, మైనారిటీ, బహుజన సాహిత్యాలు, ప్రాంతీయ అస్తిత్వం, ఉపకులాల కళారూపాలు పరిశోధనాంశాలుగా రావడానికి వీరే కారణం. మారనిది కార్యక్రమం. చేరేనాటికే విద్యార్థికి రాయడం వచ్చి ఉంటుందని అది ఇప్పటికీ అనుకొంటున్నది.

2. బిట్ల నుంచి ప్రశ్న వరకు:

జాతీయ అర్హతా పరీక్ష (నెట్)లో 2012 జూన్ నుంచి వ్యాసరూప సమాధానాల పత్రం లేదు. ఇప్పుడున్నవి మొదటి పత్రంలో 50, రెండో పత్రంలో 100 బహుళైచ్ఛిక ప్రశ్నలు. జతపరచడం, కాలక్రమంలో అమర్చడం, ప్రతిపాదన–కారణం సరిచూడటం ఇందులో ప్రధానం. ఈ పరీక్షకు రెండు మూడేళ్లు సిద్ధమైన విద్యార్థికి ‘శ్రీరంగరాజ చరిత్ర’ 1872 అనీ, ‘రాజశేఖర చరిత్ర’ 1878 అనీ నిద్రలో లేపి అడిగినా తెలుసు. ఆ జ్ఞానాన్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. తేదీలు తెలియని సాహిత్య పరిశోధకుడు దారి తెలియని బాటసారి వంటివాడు. అయితే ఆ విద్యార్థి కొన్నేళ్లుగా నాలుగు పుటల వ్యాసం రాసి, ఎవరిచేతనైనా దిద్దించుకొన్న సందర్భం లేదు. 2024–25 నుంచి పీహెచ్.డి. ప్రవేశానికి కూడా నెట్ మార్కులు పనికివస్తున్నందున ఈ దూరం ఇంకా పెరిగే అవకాశం ఉంది.

చేరిన తరువాత మొదట అడిగేది పరిశోధన ప్రణాళిక. ‘నీ ప్రశ్న ఏమిటి?’ అంటే దాదాపు అందరూ అంశం పేరు చెబుతారు: ‘ఫలానా రచయిత కథలు – అనుశీలన’. అది విషయం, ప్రశ్న కాదు. ఆ రచయిత కథల గురించి మనకు తెలియనిది ఏమిటి అన్నప్పుడు ప్రశ్న మొదలవుతుంది. ఈ తేడా నాకు పీహెచ్.డి. మూడో ఏడు వరకు తెలియలేదు. శీర్షికలో ‘అనుశీలన’ తీసి ‘సమగ్ర పరిశీలన’ అని మార్చి, అంశం బలపడిందని సంతోషించినవాణ్ణి.

జీవనస్థితి సంగతి కూడా చెప్పాలి. జె.ఆర్.ఎఫ్. పొందినవారికి 2023 జనవరి నుంచి నెలకు 37,000 రూపాయలు వస్తున్నాయి. కేంద్రీయ విశ్వవిద్యాలయంలో నెట్ లేనివారికి 8,000. రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో ఏ భృతీ లేకుండా చదివేవారు చాలామంది. పగలు ప్రైవేటు జూనియర్ కళాశాలలో పాఠం, రాత్రి గదిలో అధ్యాయం. డి.ఎస్.సి. ప్రకటన వస్తే ఆ అధ్యాయం కూడా కొన్ని నెలలు మూలన పడుతుంది. దీనికి వారిని నిందించే హక్కు ఉద్యోగంలో ఉన్న మనకు లేదు.

3. ‘ఆవిర్భావ వికాసాలు’ అనే అధ్యాయం:

రాయడం నేర్పనిచోట విద్యార్థి పాత గ్రంథాన్ని చూసి రాస్తాడు. అది సహజం, శిల్పి కొడుకు కూడా చూసే నేర్చుకొంటాడు. కానీ శిల్పి కొడుకు చూసేది చెక్కుతున్న చేతిని. మన విద్యార్థి ముందు ఉన్నది చెక్కడం పూర్తయి, అట్ట వేసి, బంగారు అక్షరాలు అద్దిన ప్రతి. అందులో కొట్టివేతలు కనిపించవు. పర్యవేక్షకుడు తిప్పి పంపిన పుటలు కనిపించవు. కనిపించేది అధ్యాయాల వరుస మాత్రమే. ఆ వరుసనే పద్ధతి అనుకొంటాడు.

ఆ వరుస మనందరికీ తెలుసు. మొదటి అధ్యాయం రచయిత జీవితం, వ్యక్తిత్వం. రెండోది ఆ ప్రక్రియ ఆవిర్భావ వికాసాలు. తరువాత వస్తువు, పాత్రచిత్రణ, శిల్పం, భాష, చివర ముగింపు. నిన్న గాక మొన్న రాయడం మొదలుపెట్టిన కథకుడి మీద పరిశోధన అయినా రెండో అధ్యాయం ‘ధనత్రయోదశి’ (1902) దగ్గరో, ‘దిద్దుబాటు’ (1910) దగ్గరో మొదలవుతుంది. ఏది తొలికథ అన్న చర్చను నాలుగు పుటలు నడిపి, ఏ నిర్ణయానికీ రాకుండానే వదిలేస్తుంది. ఆ చర్చకూ మూడో అధ్యాయంలోని విశ్లేషణకూ సంబంధం ఉండదు. గ్రంథంలో నుంచి ఆ అధ్యాయాన్ని మొత్తంగా తొలగిస్తే తక్కినవాటిలో ఒక్క వాక్యం కూడా కదలదు.

నా గ్రంథంలోనూ ఆ అధ్యాయం ఉంది. 42 పుటలు. మౌఖికపరీక్షలో దాని గురించి ఎవరూ ఒక్క ప్రశ్న అడగలేదు. అడగనందుకు అప్పుడు ఊపిరి పీల్చుకొన్నాను.

ఈ అధ్యాయం ఎందుకు చావదు? సోమరితనం వల్ల అనుకోను. తెలిసిన విషయం రాయడంలో భద్రత ఉంది. నెట్ కోసం చదివినదంతా అక్కడ పనికివస్తుంది. పుటలు నిండుతాయి, పురోగతి నివేదికలో ‘ఒక అధ్యాయం పూర్తయింది’ అని రాయవచ్చు. పర్యవేక్షకునికి కూడా అందులో దిద్దవలసినది తక్కువ. అంటే ఆ అధ్యాయం అందరికీ ఉపకారమే చేస్తున్నది, పాఠకునికి తప్ప.

4. నోటుపుస్తకం, అధ్యాయం:

ఇప్పుడు నా పర్యవేక్షణలో ఉన్న ఒక విద్యార్థిని నల్లగొండ జిల్లాలో నాట్ల పాటలు సేకరిస్తున్నది. ఆమె తల్లి నాట్లు వేసే మనిషి. క్షేత్రపర్యటనకు వెళ్లిన చోటల్లా ఒక నోటుపుస్తకం రాసుకొన్నది. మొదటి అధ్యాయం చిత్తుప్రతి నాకు ఇచ్చినప్పుడు అందులో ఒక పాట కింద ఇలా ఉంది: ‘ఈ పాటలో గ్రామీణ స్త్రీల మనోభావాలు హృద్యంగా వర్ణించబడ్డాయి.’ ఏ మనోభావాలు అని అడిగాను. సమాధానం చెప్పలేక నోటుపుస్తకం తెరిచింది.

నోటుపుస్తకంలో ఉన్నది వేరు. పాట పాడుతున్న ఆమె సగంలో ఆపేసింది. ఎందుకంటే వాళ్ల మామ గట్టు మీదికి వచ్చాడు. ఆయన వెళ్లిపోయేదాకా వరుసలో ఉన్న మరొక స్త్రీ వేరే పాట ఎత్తుకొన్నది. తరువాత మొదటి పాట ఆగినచోటనే మళ్లీ మొదలైంది. మిగిలిన చరణాల్లో ఉన్నది అత్తింటి మీద ఎత్తిపొడుపు. ఇదంతా విద్యార్థిని తన ఇంటిమాటలో, ఒకటిన్నర పుటలో, ఏ మనిషి ఎక్కడ నిలబడిందో తెలిసేటట్టు రాసుకొన్నది.

ఇది అధ్యాయంలో ఎందుకు లేదంటే, ‘అది పరిశోధన కాదు కదా సార్, జరిగింది రాసుకొన్న’ అన్నది. నాకు తెలిసినంతలో ఆ అధ్యాయంలో పరిశోధన అనదగినది అదొక్కటే. ఒక పాటకు శ్రోత ఎవరు, ఎవరి ముందు ఏ చరణం నోటికి రాదు, పాడేవారు దాన్ని ఎలా దాటుతారు అన్నది కేవలం పాఠం చదివి చెప్పగలిగే విషయం కాదు. పొలంలో నిలబడినవారికే కనిపిస్తుంది. కళ్లారా చూసినదాన్ని పక్కన పెట్టి, ఎవరైనా గదిలో కూర్చొని రాయగల వాక్యాన్ని ఆమె గ్రంథంలోకి తెచ్చింది.

ఇక్కడ నష్టపోతున్నది భాషాసౌందర్యం మాత్రమే కాదు. మొదటితరం విద్యార్థి విశ్వవిద్యాలయానికి తెచ్చే ఆస్తి అతని ఊరి అనుభవం, ఇంటి పలుకు, పనిపాటల పరిచయం. ‘వర్ణించబడ్డాయి’ అని రాయడం నేర్చుకొన్నకొద్దీ ఆ ఆస్తి చెల్లదని తనకు తానే నిర్ణయించుకొంటున్నాడు. (ఈ ‘బడు’ ప్రయోగం తెలుగు వాక్యానికి సహజం కాదని వ్యాకరణం చెప్పే ఆచార్యులే సిద్ధాంతగ్రంథాల్లో దాన్ని చూసీచూడనట్టు వదిలేయడం ఒక విచిత్రం.)

5. టైపింగు కేంద్రం:

సిద్ధాంతగ్రంథం చరిత్రలో ఎవరూ కృతజ్ఞతలు సరిగా చెప్పని వ్యక్తి డి.టి.పి. ఆపరేటరు. కాగితం మీద చేతితో రాయడం, టైపింగుకు ఇవ్వడం, ప్రూఫులు దిద్దడం, మళ్లీ దిద్దడం మా తరం దాకా నడిచిన పద్ధతి. దిద్దుబాటుకు డబ్బు అవుతుంది. అందువల్ల టైపు అయిన పేరాను మార్చాలని తోచినా మార్చం. అక్షరదోషం దిద్దుతాం, ఆలోచనను అలాగే ఉంచుతాం. రాసినదాన్ని తిరగరాయడమే రచన అనుకొంటే, ఆ అవకాశానికి పుటకు ఇంత అని ధర ఉండేది.

మరొక చిక్కు లిపిది. అను ఫాంట్లలో చేసిన పీడీఎఫ్ కంటికి తెలుగులాగే ఉంటుంది. కంప్యూటరుకు మాత్రం అది అర్థంలేని రోమన్ అక్షరాల గుంపు. అటువంటి గ్రంథం గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ నిర్వహించే శోధగంగలో చేరినా, తెలుగు పదంతో లోపల వెతకడం సాధ్యం కాదు. 2018 నాటి గ్రంథచౌర్య నిరోధ నిబంధనలు 10 శాతం వరకు సారూప్యాన్ని దండన లేకుండా అనుమతిస్తాయి. కానీ ఆ ఫాంటు లిపిని చదవలేని సాఫ్ట్‌వేర్ ఇచ్చే శాతానికి అర్థమేమిటి? నలభై గ్రంథాల్లో ‘ఆవిర్భావ వికాసాలు’ ఒకేలా ఉన్నా అది పట్టుకోదు. ఫోనులో యూనికోడ్‌లో నేరుగా రాసుకొంటున్న నేటి విద్యార్థులు ఈ విషయంలో మాకంటే అదృష్టవంతులు. వారికి పేరా మార్చడానికి ఖర్చు లేదు. మార్చమని చెప్పేవారు కావాలి.

6. నియమావళిలో ఉన్న ఒక మాట:

2022 నవంబరు 7న ప్రకటించిన యు.జి.సి. నియమావళి ఎం.ఫిల్.ను రద్దు చేసింది. గ్రంథం సమర్పించేముందు పత్రికలో వ్యాసం ప్రచురించాలన్న దేశవ్యాప్త నిర్బంధాన్ని తొలగించింది. పీహెచ్.డి.కి కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఆరేళ్లు గడువు ఇచ్చింది. ప్రచురణ గురించి, ప్రవేశం గురించి మన శాఖల్లో చాలా చర్చ జరిగింది. అదే నియమావళిలో మరొక అంశం కూడా ఉంది: ఏ శాస్త్రానికి చెందిన పరిశోధకుడైనా తన విషయానికి సంబంధించిన బోధనలో, రచనలో శిక్షణ పొందాలని. ఈ ‘రచన’ అన్న మాట గురించి చర్చ నేను వినలేదు. కోర్సువర్క్‌లో పరిశోధన పద్ధతులు, ప్రచురణ నైతికత ఉంటాయి. పరిశోధన అంటే ఏమిటో పది నిర్వచనాలు ఉంటాయి. విద్యార్థి తన పుటను నలుగురి ముందు పెట్టి చదివే గంట మాత్రం ఉండదు.

ఎం.ఫిల్. పోవడం ఈ దృష్టితో చూస్తే చిన్న నష్టం కాదు. నూటయాభై పుటల లఘుసిద్ధాంతవ్యాసంలో తప్పులు చేసి, పీహెచ్.డి.కి వచ్చేసరికి కొంత తెలుసుకొనేవాళ్లం. ఇప్పుడు మొదటి తప్పు పెద్దగ్రంథంలోనే జరుగుతుంది.

సహాయాచార్యుని దగ్గర నలుగురికి మించి పరిశోధకులు ఉండరాదన్నది నియమం. ఈ సంఖ్య తక్కువ కావడం ఒక సదుపాయం. నా దగ్గర ఉన్న ముగ్గురితో పదిహేను రోజులకొకసారి కూర్చొంటున్నాం. ఒక్కొక్కరు రెండు పుటలు తెచ్చి బిగ్గరగా చదవాలి. మిగిలినవారు అర్థం కాని వాక్యం దగ్గర ఆపాలి. మొదట్లో ఎవరూ ఎవరినీ ఆపలేదు. స్నేహితుని తప్పు పట్టడం మర్యాద కాదనుకొన్నారు. నేను నా పాత గ్రంథంలోని రెండో అధ్యాయం తెచ్చి చదివాక ఆపడం మొదలైంది. మూడో వాక్యం దగ్గరే ఆపారు. దీనికి సమయపట్టికలో చోటు లేదు, క్రెడిట్లు లేవు. పరీక్షల మూల్యాంకనం వచ్చిన నెలలో జరగదు కూడా.

నాట్ల పాటల విద్యార్థిని ఆ అధ్యాయాన్ని మూడుసార్లు తిరగరాసింది. ఇప్పుడది మామ గట్టు మీదికి రావడంతో మొదలవుతుంది. గత సెమిస్టరు పరిశోధన సలహాసంఘం సమావేశంలో ఒక సభ్యులు ప్రణాళికను రెండుసార్లు తిరగేసి, ‘జానపద గేయాల ఆవిర్భావ వికాసాలు ఏ అధ్యాయంలో ఉన్నాయమ్మా?’ అని అడిగారు. ఆమె నా వైపు చూసింది. నేను ఏమీ అనలేదు. ‘అనుబంధంలో నాలుగు పుటలు పెట్టిన సార్’ అన్నది. ఆయన తల ఊపి, నివేదిక మీద సంతకం చేశారు.