ముందు ఆ తిరిగే కుర్చీ తీయించండి

మీడియా శిక్షణ అంటే మాటలు నేర్పుతారనుకుని వస్తారు. నేను ముందు చూసేది కుర్చీని. ఆఫీసుల్లో పెద్దవాళ్లు కూర్చునేది చక్రాల కుర్చీ, అటూ ఇటూ తిరిగేది. ఇబ్బందిపెట్టే ప్రశ్న పడగానే, నోరింకా తెరవకముందే, కుర్చీ నాలుగంగుళాలు పక్కకి తిరుగుతుంది. కూర్చున్నాయనకి ఆ సంగతే తెలియదు. టీవీలో చూసేవాళ్లకి మాత్రం ఈయనేదో తప్పించుకుంటున్నాడనిపిస్తుంది. నాలుగు కాళ్ల కర్ర కుర్చీ వేయించండి అంటే కొందరికి చిన్నతనంగా ఉంటుంది. టేపు వేసి చూపిస్తే ఇక మాట్లాడరు.

నేను కెమెరామన్‌ని. ప్రైవేటు చానళ్లు వచ్చిన కొత్తలో విజయవాడలో బీటా కెమెరా భుజానికెత్తుకున్నాను, భుజం మొరాయించాక దించాను. ప్రశ్నలడగడం నా పని కాదు. ప్రశ్న పడ్డాక మొహం ఏమవుతుందో వ్యూఫైండర్‌లో దగ్గర్నుంచి చూడటమే నా ఉద్యోగం. డెస్కులో చేసి మానేసిన నా స్నేహితుడొకడు, నేను కలిసి ఇప్పుడు డాక్టర్లకి, అధికారులకి, కొత్తగా గెలిచిన ఎమ్మెల్యేలకి, అప్పుడప్పుడు సినిమావాళ్లకి మైకు ముందు కూర్చోవడం నేర్పుతున్నాం. వాడు రిపోర్టరు, నేను కెమెరా.

బొమ్మ ఎంత పని చేస్తుందో చెప్పడానికి అందరూ 1960 సెప్టెంబరు 26 సంగతే ఎత్తుతారు, నేనూ ఎత్తుతాను. అమెరికా అధ్యక్ష పదవికి పోటీపడుతున్న కెనెడీ, నిక్సన్ షికాగో స్టూడియోలో వాదించుకున్నారు. ఆరేడు కోట్ల మంది చూశారు. మోకాలికి ఇన్ఫెక్షన్ వచ్చి అప్పుడే ఆసుపత్రి నుంచి లేచొచ్చిన నిక్సన్ బరువు తగ్గి, పాలిపోయి ఉన్నాడు. సరైన మేకప్ వేయించుకోనన్నాడు. లైట్ల వేడికి గడ్డం మీద చెమట పట్టింది. ఆయన వాదన ఏమిటో ఇవాళ ఎవరికీ గుర్తులేదు, చెమట గుర్తుంది. అందుకని మా దగ్గరికి వచ్చినవాళ్లని పౌడర్ రాసుకోమంటాను. మగవాళ్లు సిగ్గుపడతారు. సినిమావాళ్లు మాత్రం నాకంటే బాగా రాసుకుంటారు.

ఇక మాటల సంగతి. ప్రెస్ మీట్ ముప్పావుగంట నడుస్తుంది. బులెటిన్‌లో పడే బైటు పది, పన్నెండు సెకన్లు. ఆ ముక్క ఏదో తేల్చేది మీ ఎదురుగా ఉన్న రిపోర్టరు కూడా కాదు, హైదరాబాదులో డెస్కు మీద కూర్చున్న కుర్రాడు. అతనికి మీ ఊరు తెలియదు, మీ మంచితనం అసలే తెలియదు. అతనికి కావలసింది మొదలూ చివరా ఉన్న ఒక్క వాక్యం. మనవాళ్లేమో వాక్యం మొదలుపెడితే ‘అంటే’, ‘దాన్నిబట్టి’, ‘ఏదైతే ఉందో’ అంటూ మూడు మలుపులు తిప్పి, క్రియ దగ్గరికి వచ్చేసరికి ఇంకో వాక్యంలోకి దూకుతారు. ఎక్కడ కత్తిరించాలో తెలియక ఎడిటరు మధ్యలో కత్తిరిస్తాడు. ‘నా మాటలు వక్రీకరించారు’ అన్న ఖండనల్లో చాలావరకు ఇక్కడే పుడతాయని నా అనుమానం. ఉత్తరాది నుంచి వచ్చి ఇక్కడ తెలుగు నేర్చుకున్న ఐఏఎస్, ఐపీఎస్ అధికారులు మనకంటే మంచి బైట్లిస్తారు. వాళ్లకి వచ్చిన తెలుగు కొంచెమే. నాలుగు మాటలంటారు, ఆపేస్తారు.

మేం చెప్పే పాఠం ఒకటుంది, కల్పించినదే. జిల్లా ఆసుపత్రిలో రాత్రి కరెంటు పోయింది. జనరేటర్ ఇరవై నిమిషాలు ఆలస్యంగా అందుకుంది. ఆ మధ్యలో ఐసీయూలో ఒకాయన చనిపోయాడు. తెల్లారేసరికి గేటు దగ్గర పది గొట్టాలు. (మైకుల్ని మా వాళ్లు గొట్టాలనే అంటారు.) సూపరింటెండెంటు మీరే, చెప్పండి అంటాం. దాదాపు ప్రతి డాక్టరూ ఇలాగే మొదలుపెడతారు: ‘చూడండి, ఇందులో మా సిబ్బంది నిర్లక్ష్యం ఎంతమాత్రం లేదు.’

మావాడు నిర్లక్ష్యం అన్న మాట ఎత్తనే లేదు! గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నాడంటారు. ఇక్కడ దొంగ అని ఎవరూ అనకముందే తడుముకోవడం. స్క్రోలింగ్‌లో ‘నిర్లక్ష్యం లేదన్న సూపరింటెండెంట్’ అని పడుతుంది, చదివినవాడి మనసులో నిలిచేది నిర్లక్ష్యమే. నిక్సన్ ఇక్కడా పనికొస్తాడు. వాటర్‌గేట్ రోజుల్లో, 1973 నవంబరు 17న, ఫ్లోరిడాలో ఎడిటర్ల ఎదుట నిలబడి తాను మోసగాణ్ని కానన్నాడు. ఆ గంటలో ఇంకెన్ని చెప్పాడో, మిగిలింది ఆ ఒక్క మాట. మీ మీద పడకూడదనుకున్న మాటని మీ నోటితో అనకండి, కాదనడానికైనా సరే.

రెండో ప్రయత్నంలో జనరేటర్ ఎన్ని కేవీఏ, ఎప్పుడు కొన్నారు, ఎవరు సర్వీసు చేయాలి అని మొదలుపెడతారు. చనిపోయినాయన ఊసే ఉండదు. అప్పుడు టోనీ హేవర్డ్ కథ చెబుతాం. 2010 ఏప్రిల్ 20న మెక్సికో సింధుశాఖలో బీపీ కంపెనీ చమురు బావి పేలి పదకొండు మంది కార్మికులు చనిపోయారు. కంపెనీ పెద్ద హేవర్డ్ మే నెలాఖర్లో విలేకర్లతో మాట్లాడుతూ, ఇది ముగిసిపోవాలని నాకంటే ఎక్కువ కోరుకునేవాళ్లు లేరు, నా జీవితం నాకు తిరిగి కావాలి అన్నాడు. దానికి ముందే అక్కడి జనానికి క్షమాపణ చెప్పాడు. ఆ క్షమాపణ ఎవరికీ వినబడలేదు. ఆ ఏడాదే పదవి పోయింది.

మూడోసారికో నాలుగోసారికో జవాబు ఇలా కుదురుతుంది: ‘రాత్రి మా ఐసీయూలో ఒకాయన చనిపోయారు. ఇంటివాళ్లతో మాట్లాడి వస్తున్నాను. రెండింటికి కరెంటు పోయింది, జనరేటర్ అందుకోవడానికి ఇరవై నిమిషాలు పట్టింది. చావుకి అదే కారణమా అన్నది డాక్టర్ల బృందం చూస్తోంది. సాయంత్రం నాలుగింటికి ఇక్కడే నిలబడి చెబుతాను. ఇంకో జనరేటర్ తెప్పించాం, ఇప్పుడు నడుస్తోంది.’ ఇందులో ఎక్కడ కత్తిరించినా ముక్క ముక్కగా నిలబడుతుంది. ‘ఇంటివాళ్లతో మాట్లాడి వస్తున్నాను’ అనాలంటే నిజంగా మాట్లాడి రావాలి. అలాగే నాలుగింటికి రావాలి. కొత్తగా చెప్పడానికేమీ లేకపోయినా వచ్చి ఆ సంగతే చెప్పాలి. రాకపోతే ఆ నాలుగింటి బులెటిన్‌ని వార్డుబాయ్‌తోనో, గేటు దగ్గర నిలబడ్డవాడితోనో నింపేస్తారు. చానల్‌కి ఖాళీ ఉండదు.

అసలు ఎవరు మాట్లాడాలన్నది ఇంకా పెద్ద ప్రశ్న. దీనికి నేను చెప్పే కథ మన నేల మీద జరిగింది, శ్రీహరికోటలో. 1979 ఆగస్టు 10న మన తొలి ఉపగ్రహ వాహక నౌక ఎస్సెల్వీ-3 ఎగిరింది. రెండో దశ అదుపు తప్పింది, రాకెట్ బంగాళాఖాతంలో పడింది. మిషన్ డైరెక్టర్ అబ్దుల్ కలాం. కంప్యూటర్ ఆపమన్నా, లెక్కలు బాగానే ఉన్నాయన్న నిపుణుల మాట మీద ప్రయోగించమన్నది తానేనని ఆయనే తర్వాత చాలా సభల్లో చెప్పుకున్నారు. విలేకర్లు కాచుకుని ఉన్నారు. ఇస్రో ఛైర్మన్ సతీష్ ధవన్ కలాంని వెంటబెట్టుకుని వెళ్లి, మాట్లాడే బాధ్యత తానే తీసుకున్నారు. విఫలమయ్యామని ఒప్పుకున్నారు. మా బృందానికి నా అండ ఉంది, వచ్చే ఏడాది సాధిస్తారు అన్నారు. 1980 జులై 18న అదే ఎస్సెల్వీ-3 రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టింది. ఆ రోజు ధవన్ కలాంని పిలిచి, ప్రెస్ మీట్ నువ్వు పెట్టు అన్నారు.

ఈ కథని నాయకత్వం గురించిన ప్రసంగాల్లో అరగదీశారు. నేను కెమెరా వైపు నుంచి చూస్తాను. మొదటి రోజు ధవన్ చేసిన పనులు చూడండి. జరిగింది చెప్పారు. తప్పు ఫలానావాడిదని వేలు చూపలేదు. ముందేం జరుగుతుందో గడువుతో సహా చెప్పారు. కన్సల్టెంట్లు ఇవాళ లక్షలు తీసుకుని చెప్పే పాఠం ఇంతకంటే పెద్దదేమీ కాదు. మన ఆఫీసుల్లో జరిగేది దీనికి తిరగబడి ఉంటుంది. రిబ్బన్ కత్తిరించేటప్పుడు ఫ్రేములో పట్టనంతమంది పెద్దలు. గోడ కూలిన రోజు సైటు ఇంజినీరు ఒక్కడే, చొక్కా జేబులో పెన్ను సర్దుకుంటూ.

రిపోర్టర్ల ఎత్తుల్లో అన్నిటికంటే బలమైనది మౌనం. మీరు జవాబు ముగిస్తారు. అతను మైకు తీయడు, తల ఊపడు, ఊరికే చూస్తుంటాడు. రెండు సెకన్లు గడిచేసరికి మీకే ఏదో లోటనిపించి, అడగని సంగతి చెప్పడం మొదలుపెడతారు. ఆ ఖాళీని నింపడం మీ పని కాదు, చెప్పడం అయిపోతే నోరు మూసుకుని కూర్చోండి అంటాను. వినడానికి తేలిక. చేసి చూడండి, ఆ రెండు సెకన్లు ఎంత పొడుగ్గా ఉంటాయో.

అదే ప్రశ్న మళ్లీ మళ్లీ అడగడం ఇంకో ఎత్తు. 1997లో బీబీసీ న్యూస్‌నైట్‌లో జెరెమీ పాక్స్‌మన్, బ్రిటన్ మాజీ హోం మంత్రి మైకేల్ హోవర్డ్‌ని జైళ్ల శాఖ అధిపతి విషయంలో ఒకటే ప్రశ్న పన్నెండు సార్లు అడిగాడు. హోవర్డ్ పన్నెండు సార్లూ పక్కదారి పట్టాడు. జర్నలిజం పాఠాల్లో దాన్ని ధైర్యానికి నమూనాగా చూపిస్తారు. తర్వాత చూపించాల్సిన క్లిప్పు ఇంకా సిద్ధం కాలేదు, అందుకే అడుగుతూ పోయాను అని పాక్స్‌మన్ తర్వాత బయటపెట్టాడు. కంట్రోల్ రూమ్ చూసినవాణ్ని, నాకు నమ్మబుద్ధేస్తుంది. ఏమైనా మొదటిసారే ‘అవును’ అనో ‘కాదు’ అనో అంటే, అడగడానికి రెండోసారి మిగలదు.

చొక్కాకి తగిలించిన మైకు తీసేదాకా ఇంటర్వ్యూ నడుస్తూనే ఉన్నట్టు. 1984 ఆగస్టులో అమెరికా అధ్యక్షుడు రీగన్ రేడియో ప్రసంగానికి ముందు మైకు పరీక్షిస్తూ, రష్యా మీద అయిదు నిమిషాల్లో బాంబులు మొదలవుతాయని పరిహాసమాడాడు. 2010 ఎన్నికల్లో బ్రిటన్ ప్రధాని గోర్డన్ బ్రౌన్ ఒక వృద్ధురాలితో నవ్వుతూ మాట్లాడి, కారెక్కాక ఆమెను తిట్టాడు. చానల్ మైకు ఇంకా కోటుకే ఉంది. ‘ఆఫ్ ది రికార్డ్’ సంగతీ ఇలాంటిదే. అంతా కక్కేశాక ‘ఇది రాయకండేం’ అంటే ఒప్పందం కాదు. ముందే అడగాలి, అవతలివాళ్లు సరేననాలి, అప్పుడు చెప్పాలి.

లేచి వెళ్లిపోవడం గురించి అడుగుతుంటారు. 2007లో కరణ్ థాపర్ ఇంటర్వ్యూలో అప్పటి గుజరాత్ ముఖ్యమంత్రి నరేంద్ర మోదీ మూడు నిమిషాలకే మంచినీళ్లడిగి, మైకు తీసి లేచిపోయారు. ఆ మూడు నిమిషాలు ఇవాళ్టికీ తిరుగుతూనే ఉన్నాయి. 2004లో అదే థాపర్ ముందు జయలలిత కోపంతో చివరిదాకా కూర్చున్నారు. మీతో మాట్లాడటం సంతోషమేమీ కాదని మొహం మీదే చెప్పి, నమస్తే పెట్టి లేచారు. కెమెరా వెనకనున్నవాడిగా నా ఓటు జయలలితకే. రెండో చివర రాహుల్ గాంధీ, 2014 జనవరిలో అర్ణబ్ గోస్వామితో. ఏమడిగినా మహిళా సాధికారతకో సమాచార హక్కుకో వచ్చి చేరారు. దీన్ని మా వృత్తిలో బ్రిడ్జింగ్ అంటారు, అడిగిన ప్రశ్న మీదుగా మనం చెప్పదలచుకున్నదానికి వెళ్లడం. ముందు అడిగినదానికి ఒక్క ముక్కైనా జవాబిచ్చి వెళ్తే పరవాలేదు. ఇవ్వకుండా వెళ్తే చూసేవాడికి తెలిసిపోతుంది. జవాబులు బట్టీ పట్టించే శిక్షణ మంచి మనిషిని కూడా మొండివాడిలా చూపిస్తుంది.

వీటన్నిటికంటే నాకు నచ్చనిది అసలు ప్రశ్నలకే దొరక్కపోవడం. ప్రధాని అయ్యాక మోదీ 2019 మే 17న పార్టీ ప్రెస్ మీట్‌లో అమిత్ షా పక్కన కూర్చున్నారు, ప్రశ్నలు తీసుకోలేదు. ఆయన ఒక్కరే కాదు, మన రెండు రాష్ట్రాల్లోనూ ఆ గాలి వీస్తూనే ఉంది. సినిమావాళ్లయితే తమ హీరోని తమ డైరెక్టరే ఇంటర్వ్యూ చేసి పంపిస్తున్నారు.

చట్టం సంగతులు కాగితం మీద రాసిచ్చేస్తాం. లైంగిక దాడి బాధితుల పేరు, ఊరు, బంధువుల వివరాలు ఏ రూపంలోనూ బయటికి రాకూడదు. పోలింగ్ ముగిసే వేళకి ముందు 48 గంటల్లో టీవీలో ఎన్నికల మాటలొద్దు, ప్రజాప్రాతినిధ్య చట్టం 126వ సెక్షన్. యూట్యూబ్ చానళ్లు వచ్చాక ఇంకోటి చేర్చాం: మీ ఫోన్‌లో మీరూ మొత్తం రికార్డు చేసుకోండి, చేస్తున్నానని చెప్పి మరీ. థంబ్‌నైల్‌లో ఏం పెట్టినా పూర్తి వీడియో మీ దగ్గరుంటుంది.

చివర్లో ఎవరో ఒకరు గొంతు తగ్గించి కవర్ల గురించి అడుగుతారు. ప్రెస్ మీట్ కిట్టులో పెట్టే కవర్లు. వద్దంటాను. ఇవ్వకపోతే కోపం రాదా అంటారు. కొందరికి వస్తుంది, రానివ్వండి. వచ్చినవాళ్లకి ఎండలో నిలబడకుండా నీడ, కుర్చీ, కెమెరాలకి ప్లగ్ పాయింట్లు, మంచినీళ్లు, కాఫీ చూడండి. కొన్ని కప్పులు చక్కెర లేకుండా పెట్టించండి, మా వాళ్లలో సుగర్ ఎక్కువ.