పొయ్యి రాజని దినములకు

వానకై ఆకాశము వంక చూచుట నేర్చిన సీమ మనది. చిలమత్తూరు, హిందూపురము, పెనుకొండ, ధర్మవరము ప్రాంతములలో వరద మాట యెత్తినచో శ్రోతలు చిరునవ్వు నవ్వుదురేమో. ఇచట ఏడాది పొడవునను కురియు వర్షము సగటున 550 మిల్లీమీటర్లకు అటునిటు. అదియును సకాలమున కురియదు. అయినను ఆ కొద్ది వానయే నాలుగు దినములలో కుమ్మరించినచో వంకలు పొంగును, చెరువులు మరువ పారును, కట్టలు తెగును. 2021 నవంబరు 19వ తేదీన చిత్రావతి పొంగినప్పుడు చెన్నేకొత్తపల్లి మండలము వెల్దుర్తి వద్ద నది నడుమ చిక్కిన పదిమందిని వాయుసేన హెలికాప్టరు వచ్చి గట్టు చేర్చవలసి వచ్చినది. ఈ చిత్రావతి చిక్కబళ్ళాపురము దిక్కున పుట్టి, బాగేపల్లి మీదుగా మన చిలమత్తూరు పొరుగుననే దిగివచ్చు నది. ఎక్కువ మాసములు అందు ఇసుక తప్ప మరేమియు కనబడదు. ఆ దినముననే కడప సీమలో చెయ్యేటిపైనున్న అన్నమయ్య జలాశయపు కట్ట తెగి దిగువ పల్లెలు కొట్టుకొనిపోయినవి. మరుసటి యేడు అక్టోబరులో అనంతపురము పట్టణమున పెక్కు కాలనీలు నీట మునిగినవి.

ఇట్టి సమయమున ప్రాణము దక్కిన కుటుంబమునకు మొదట ఎదురగునది ఆకలి. ఇంట బియ్యముండును, రాగిపిండి యుండును; వండుకొను మార్గము మాత్రముండదు. కట్టెలు తడియును. గ్యాసు పొయ్యి బురదలో మునిగి, వెలిగించుట ప్రమాదమగును. విద్యుచ్ఛక్తి అన్నిటికంటె ముందు పోవును. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచినప్పుడు బావులు సైతము ఉప్పునీటితో నిండినవి. 2024 సెప్టెంబరు ఆరంభమున బుడమేరు విజయవాడను ముంచినప్పుడు, సింగునగరము మేడలపై దినముల తరబడి చిక్కుకొన్నవారికి పడవలతోను, హెలికాప్టర్లతోను, తుదకు డ్రోనులతోను ఆహారపు పొట్లములు అందించవలసి వచ్చినది. పల్లెకు అంతటి సాయము అంత త్వరగా అందునని తలచుట పొరపాటు. కనుక నిప్పుతో పనిలేని ఆహారమును మూడు దినములకు సరిపడ ముందే కూర్చుకొనుట ఎట్లో నేడు ముచ్చటింతుము. ఆరోగ్యార్థము అపక్వాహారమును నియమముగా పాటించువారు కొందరు కలరు; వారికిది నిత్యకృత్యము. తక్కినవారికి ఆపద్ధర్మము.

వండని తిండి మనకు కొత్తది కాదు. శ్రీరామనవమినాడు పందిళ్ళలో పంచు వడపప్పును గమనింపుడు: నానిన పెసరపప్పు, అంతే. పానకమన బెల్లము, మిరియాలు, నీరు. నాగుల చవితికి పుట్టకడకు కొనిపోవు చలిమిడి తడిబియ్యపు పిండిలో బెల్లము కలిపి పిసికినది. చిమ్మిలి నువ్వులను బెల్లముతో దంచినది. పొయ్యి యంటింపకయే ఇంటిల్లిపాదికి ఒకపూట ఆహారము సమకూర్చు విద్య మన ఇల్లాండ్రకు తరతరములుగా తెలియును. కార్తికమున వచ్చు నాగుల చవితి తుపానుల కాలముననే పడుట కాకతాళీయమే కావచ్చును, కాని ఆ తిథి మనకు ఉపయోగపడగలదు. ఎట్లో తరువాత చెప్పుదుము.

ఇక నియమముగా పచ్చి ఆహారము తిను పద్ధతికి తెలుగునాట చరిత్ర కలదు. జర్మను దేశీయుడగు లూయీ కూనే రచించిన ప్రకృతి చికిత్సా గ్రంథమును ద్రోణంరాజు వెంకటాచలపతిశర్మగారు 1894లోనే తెనిగించిరి. 1929లో గాంధీమహాత్ముడు ఖద్దరు నిధికై ఆంధ్రదేశమున పర్యటించుచు రాజమహేంద్రవరమున ప్రకృతి చికిత్సాలయము నడుపుచున్న సుందరం గోపాలరావుగారిని కలిసికొనెను. వండని ఆహారమును గూర్చి ఆయన చెప్పిన మాటలు గాంధీజీని ఆకర్షించినవి. ఆ వేసవిలోనే ఆయన స్వయముగా ప్రయోగమునకు పూనుకొని, ఆ వివరములను ‘యంగ్ ఇండియా’ పత్రికలో ప్రకటించెను. మొలకెత్తిన గోధుమలు ఎనిమిది తులములు, నూరిన బాదముపప్పు ఎనిమిది తులములు, దంచిన ఆకుకూర ఎనిమిది తులములు, నిమ్మపండ్లు ఆరు, కొంత తేనె, ఇదియే దినాహారము. తులమన నేటి లెక్కకు పండ్రెండు గ్రాములకు కొంచెము తక్కువ. ఆగస్టు వచ్చుసరికి ఆయనకు జిగట విరేచనములు పట్టుకొనగా ఆ ప్రయోగమును విరమింపవలసి వచ్చినది.

ఈ వృత్తాంతమునందు మనకు పనికివచ్చు విషయమొకటి కలదు. అంతటి నియమశీలికే, వైద్యులు చేరువలోనున్న ఆశ్రమములోనే, పచ్చి ఆహారము పడకపోయినది. అలవాటు లేని కడుపునకు వరద వచ్చిన దినముననే దానిని మొదటిసారిగా అంటగట్టరాదు. పచ్చి పిండిపదార్థము ఉడికినదానివలె జీర్ణము కాదు. కావున పెట్టెలో పెట్టదలచిన దానిని ముందుగా ఏ సెలవుదినముననో ఒకటి రెండు పూటలు ఇంటిల్లిపాదియు తిని చూచుట మేలు. ఎవరికేది పడదో అప్పుడే తెలియును.

పెట్టెలో నుంచవలసినవి ఏవి? మా అభిప్రాయమున మన ప్రాంతమునకు నాలుగు వస్తువులు చాలును: వేరుశనగ పప్పు, అటుకులు, బెల్లము, ఎండుకొబ్బరి. దినమునకు మనిషికి వేరుశనగ పప్పు 150 గ్రాములు, అటుకులు 150, బెల్లము 100, ఎండుకొబ్బరి 50 గ్రాములైనచో ఇంచుమించు 2,000 కేలరీల శక్తియు, 45 గ్రాములకు పైగా మాంసకృత్తులును లభించును. మొత్తము బరువు 450 గ్రాములు. ఐదుగురున్న ఇంటికి మూడు దినములకు ఏడు కిలోల లోపే. ఒక తగరపు డబ్బాలో ఇమిడిపోవును. బెల్లమునకు మనము దూరము పోనక్కరలేదు, హిందూపురపు అంగడి బెల్లమునకు, చింతపండునకు పేరుపొందినదే.

అటుకులు వడ్లను నానబెట్టి, వేడిచేసి దంచినవి; బెల్లము కాచినది; కావున ఇవి అపక్వములు కావని నియమపరులు ఆక్షేపింపవచ్చును. న్యాయమే. అట్టివారు అటుకులకు బదులు నానబెట్టుటకు పెసలను, బెల్లమునకు బదులు ఖర్జూరమును ఉంచుకొనవచ్చును. కాని చెరువుకట్ట తెగిన రాత్రి బొరుగులు పచ్చివా, వేగినవా యని తర్కించుట మాకు సబబుగా తోచదు.

వేరుశనగను గూర్చి కొంత విస్తరించి చెప్పవలసియున్నది. ఏలనన అది మన పంట, మన పెట్టెకు ఆధారము, మన ప్రమాదమును అదియే. 1960లో ఇంగ్లండున లక్షకు పైగా టర్కీకోళ్ళు కారణము తెలియకయే చచ్చినవి. విచారింపగా, బ్రెజిలు నుండి తెప్పించి వానికి మేపిన వేరుశనగ పిండిలో ఒక బూజు కనబడినది. ఆ బూజు పుట్టించు విషమునకే ఆఫ్లటాక్సిను అని పేరు పెట్టిరి. అది కాలేయమును చెరచును. ఏండ్ల తరబడి కొద్దికొద్దిగా లోనికి పోయినను కాలేయపు కాన్సరునకు కారణము కాగలదు. వేయించినను, ఉడికించినను పూర్తిగా నశింపదు. పచ్చిగా తినువారికి ఎంత ప్రమాదమో, వండుకొనువారికిని ఇంచుమించు అంతే. పంట చివరి దినములలో వాన లేక, భూమిలో కాయ బెట్టకు గురియైనచో ఈ బూజు పొలముననే కాయలో చేరును. మన సీమకు ఆ దశలో బెట్ట వచ్చుట అరుదు కాదు గదా! ఒబ్బిడి చేసిన పిమ్మట తేమ తగిలినచో బూజు మరింత పెరుగును.

కావున పెట్టెకు ఎన్నుకొను కాయ బాగుగా ఎండినదై, చెవికడ ఊపిన లోపల గింజ గలగలలాడవలెను. అపుడే పెరికిన పచ్చి కాయ తినుటకెంత రుచియైనను నిలువకు పనికిరాదు. ‘పచ్చి ఆహారము’ అను మాట వలన పొరపడరాదు. పప్పుగా ఒలిచి ఉంచుటకంటె కాయగా ఉంచుటయే క్షేమము, పొట్టు దానికి సహజమైన కవచము. స్థలము చాలక ఒలిచి ఉంచువారు ముడుతలు పడిన గింజలను, రంగు మారినవానిని, పగిలినవానిని ఏరి పారవేయవలెను. నోటికి చేదు తగిలిన గింజను మ్రింగక ఉమియుటకు పిల్లలకు నేర్పవలెను. ఏరివేసిన వానిని పశువులకు గాని కోళ్ళకు గాని వేయరాదు. టర్కీకోళ్ళ కథ మరువరాదు.

తరువాత మొలకలు. ఎండు పెసలలో సి విటమిను లేనట్లే. నానబెట్టి మొలకెత్తించిన రెండు మూడు దినములలో అది పుట్టుకొని వచ్చును. మొదటి ప్రపంచ యుద్ధకాలమున మెసపటేమియాలో మన సిపాయీలు పలువురు చిగుళ్ళు వాచి రక్తము కారు స్కర్వీ వ్యాధికి లోనైరి. పచ్చికూర దొరకని ఆ ఎడారిలో మొలకెత్తిన పప్పుధాన్యములు ఆ వ్యాధిని ఆపగలవని లండను లిస్టరు సంస్థలో హారియట్ చిక్ మొదలగు శాస్త్రజ్ఞులు పరిశోధించి చూపిరి. ఇది మొలకల ఘనత. కాని మొలక యెత్తుటకు కావలసిన వెచ్చదనము, తేమ రోగక్రిములకును ప్రీతికరములే. 2011లో జర్మనీ దేశమున మెంతి మొలకల మూలమున వ్యాపించిన జబ్బు వలన యాబదిమందికి పైగా మరణించిరి. శుభ్రమైన కుళాయి నీరున్న దేశముననే అట్లు జరిగినపుడు, వరద నీటితో కడిగిన మొలకల మాట వేరుగా చెప్పనేల? మూడు దినముల అవసరమునకు సి విటమిను లేకున్న ప్రమాదమేమియు లేదు; నిమ్మపండ్లు నాలుగు, ఎండు ఉసిరికాయలు కొన్ని చాలును. చింతపండు పుల్లగానుండినను అందు ఈ విటమిను అత్యల్పము. మొలకలు లేనిదే ఉండలేనివారు దాచిన మంచినీటితోనే కడిగి, వాసన మారకమునుపే తినవలెను. రాజ్మా గింజలను మాత్రము పచ్చిగా గాని, మొలకెత్తించి గాని తినరాదు. అందు విషపదార్థము కలదు.

నీటిని గూర్చి లెక్క సులభము. మనిషికి దినమునకు నాలుగు లీటర్లు. ఐదుగురికి మూడు దినములకు 60 లీటర్లు, అనగా ఇరువది లీటర్ల క్యానులు మూడు. ఎండు ఆహారము తినువారికి దాహము హెచ్చు, కనుక ఇందు తగ్గింపరాదు. కాచుటకు నిప్పులేనిచో క్లోరిను బిళ్ళలే శరణ్యము; ఆరోగ్య కేంద్రమున అడిగి ముందే తెచ్చి యుంచవలెను.

ఉప్పు మానుకొన్నవారికి ఒక్క మాట. ప్రకృతి జీవన విధానమును పాటించు ఇండ్లలో కొన్నిట ఉప్పు డబ్బాయే ఉండదు. అది వారి ఇష్టము, మేము కాదనము. కాని వరదల వెనుక విరేచనములు వచ్చుట తరచు. అపుడు లీటరు శుభ్రమైన నీటిలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలిపి కొద్దికొద్దిగా త్రాగించుటయే ప్రాణము నిలుపును. చెంచాలు చిన్నవి, తలగొట్టి కొలిచినవి కావలెను. ఉప్పు, పంచదార పొట్లములను, ఓ.ఆర్.ఎస్. పాకెట్లను నియమములతో నిమిత్తము లేక ప్రతి యింటను ఉంచవలసినదే.

ఆరు మాసములు నిండని శిశువునకు తల్లిపాలే ఆహారము. తల్లికి నీరు, తిండి లోపింపకుండ చూచుటయే శిశువును చూచుట. ఐదేండ్ల లోపు పిల్లలకు వేరుశనగ గింజలు గింజలుగా పెట్టరాదు, గొంతున అడ్డుపడును. బెల్లముతో మెత్తగా దంచి పెట్టవలెను. పండ్లులేని వృద్ధులకును అదియే అనుకూలము. కావున పెట్టె ప్రక్కన చిన్న రోకలి, కల్వము ఉండవలెను. మిక్సీపై ఆశ పెట్టుకొనరాదు. మధుమేహమున్నవారి పాలు బెల్లము తగ్గించి, వేరుశనగ, కొబ్బరి హెచ్చింపవచ్చును. మందులు వాడువారు ఈ విషయమై వైద్యుని సలహా ముందే పొందుట మంచిది.

డబ్బా అటకపై ఉండవలెను గాని మంచము క్రింద కాదు. వెనుక మన పెద్దలు ధాన్యమును పాతరలలో దాచిరి. కరవునకది తగిన యుపాయము, వరదకు మాత్రము తగదు. డబ్బాను ఏడాదికొకసారి నాగుల చవితికి దింపి, పాత బెల్లముతో చిమ్మిలి, చలిమిడి చేసికొని, వేరుశనగను ఇంట వాడుకొని, కొత్త సరకు నింపినచో గడువు తేదీలు గుర్తుంచుకొను శ్రమ తప్పును. అటుకులు, కొబ్బరి అంతకాలము నిలువవు. కొబ్బరి నూనె వాసన కొట్టును, అటుకులకు పురుగు పట్టును. వీనిని రెండు మూడు మాసములకొకసారి మార్చవలెను.

ఆ డబ్బాలోనే టార్చిలైటు, అగ్గిపెట్టె, చిన్న ట్రాన్సిస్టరు రేడియో ఉండవలెనని మేము చెప్పుట స్వార్థమని శ్రోతలు తలపకుందురు గాక. విద్యుత్తు పోయి సెల్‌ఫోను చార్జి అయిపోయినపుడు వాతావరణ హెచ్చరికలు వినుటకు అదియొక్కటే మిగులును. అయితే రేడియోలో సెల్సు వేసియుంచి దాచరాదు. మాసములు గడచిన కొలది అవి కారి లోపలి తీగలను తినివేయును. సెల్సును వేరుగా కాగితమున చుట్టి, ప్లాస్టిక్ సంచిలో కట్టి, తుపాను కబురు వినవచ్చిన సాయంకాలమున వేసికొనవలెను.