డ్రమ్ములో డోనట్లు, గుడి ముందు కొబ్బరిచిప్పలు: ఎలుగుబంటిపై అపోహలు – వాస్తవాలు

మొన్న ఆదివారం నాచారంలో అక్కవాళ్లింటికి వెళ్తే, అమెరికాలోని మెయిన్ రాష్ట్రం నుంచి మేనల్లుడు పంపిన వీడియో చూపించింది. అడవిలో ఓ నీలం ప్లాస్టిక్ డ్రమ్మును గొలుసుతో చెట్టుకు కట్టేశారు. దానికి చేసిన రంధ్రంలోంచి ఒక నల్ల ఎలుగు భుజం దాకా చెయ్యి దూర్చి డోనట్లు లాక్కుని తింటోంది. "చూడరా, ఎంత దయగల్లోళ్లో! అడివి జంతువుకు కూడా ఇంత తిండి పెడుతున్నరు" అంది అక్క. అది దయ కాదక్కా, ఎర అని చెప్పేసరికి ఆమె మొహం చిన్నబోయింది. ఫోన్ బోర్లా పెట్టేసింది.

ఆ మధ్యాహ్నమంతా ఆ ఇంట్లో ఎలుగుల ముచ్చటే. అక్కడ విన్న మాటలే ఉప్పల్ రింగ్ రోడ్డులో వరంగల్ బస్సు కోసం నిలబడ్డప్పుడూ చాలాసార్లు విన్నాను. వాటిలో ఎంత నిజముందో చూద్దాం.

అపోహ: తిండి పెట్టడం వేరు, వేటాడటం వేరు.

వాస్తవం: మెయిన్‌లో ఎలుగుల వేట ఆగస్టు చివర్లో మొదలవుతుంది. ఎర పెట్టడం మాత్రం దానికి వారాల ముందే మొదలవుతుంది. పాచిపోయిన బన్నులు, డోనట్లు, బెల్లంపాకం లాంటి మొలాసిస్, వేపుడు నూనె వేసి ఆ చోటుకు ఎలుగును అలవాటు చేస్తారు. చలికాలపు నిద్రకు ముందు ఒంట్లో కొవ్వు పట్టించుకోవడానికి నల్ల ఎలుగు పగలూ రాత్రీ తింటుంది. ఆ ఆకలే ఎర వేసేవాడికి దారి చూపిస్తుంది. సీజన్ మొదలయ్యాక తుపాకీ పట్టుకుని చెట్టు మీది మంచె ఎక్కి కూర్చుంటాడు. ఎర దగ్గరైతే ఎలుగును స్థిమితంగా చూసి, పిల్లల తల్లినైతే వదిలేయవచ్చని, ఎర వేట లేకపోతే వాటి సంఖ్య అదుపు తప్పుతుందని సమర్థించేవాళ్ల వాదన. ఈ పద్ధతిని ఆపాలా అని మెయిన్ ప్రజలను 2004లో, మళ్లీ 2014లో అడిగితే రెండుసార్లూ ఆపొద్దనే తీర్పిచ్చారు. మరోవైపు కొలరాడో 1992లో, ఒరెగాన్ 1994లో, వాషింగ్టన్ రాష్ట్రం 1996లో ఓటు వేసి మరీ నిషేధించాయి. కాబట్టి "అమెరికాలో అంతటా ఇంతే" అన్న మాట కూడా నిజం కాదు. ఎరకు తుపాకీ తోడు కావాలనీ లేదు. 2014లో న్యూ హాంప్‌షైర్‌లో ఎరగా పోసిన చాక్లెట్ తిని నాలుగు ఎలుగులు అక్కడికక్కడే చచ్చిపడ్డాయి. చాక్లెట్‌లోని థియోబ్రొమిన్ వాటికి విషం.

ఎర వేయడం వేటేనా అన్న సందేహానికి మన చట్టంలో చోటే లేదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం రెండో సెక్షన్‌లోనే 'వేట' అంటే ఏమిటో చెబుతూ చంపడం, విషం పెట్టడం, ఉచ్చు వేయడంతో పాటు ఎర వేయడాన్నీ, వాటికి చేసే ప్రయత్నాన్నీ కలిపింది. మన గుడ్డెలుగు ఆ చట్టం మొదటి షెడ్యూల్‌లో ఉంది. వేట రుజువైతే మూడేళ్లకు తగ్గకుండా, ఏడేళ్ల దాకా జైలు. 2022 సవరణ తర్వాత జరిమానా కనీసం 25,000 రూపాయలు. "అడవిపంది కోసం బాంబు పెట్టిన, ఎలుగొచ్చి కొరికితే నేనేం జేస్త" అనేవాళ్లున్నారు. తిండిలో చుట్టి పెట్టిన నాటుబాంబుకు పందేదో, ఎలుగేదో, మేతకు వెళ్లిన మన ఆవేదో తెలియదు. నోరు పేలిన జంతువు ఒక్కసారిగా చావదు. తినలేక, తాగలేక రోజుల తరబడి చస్తుంది.

అపోహ: అడవి అంచున కడుపు నింపితే ఊళ్లోకి రాదు.

వాస్తవం: ఇది మంచి మనసుతో చేసే తప్పు, అందుకే దీని గురించి ఎక్కువ చెప్పాలి. ఛత్తీస్‌గఢ్ మహాసముంద్ జిల్లా బాగ్‌బాహరా దగ్గర చండీమాత గుడికి ఎలుగులు ప్రసాదం కోసం వస్తాయి. భక్తులు చేతికందించి తినిపిస్తారు, ఫొటోలు దిగుతారు. అది అమ్మవారి మహిమ అనుకునేవాళ్ల నమ్మకాన్ని నేను కించపరచను. కానీ ఎలుగు నేర్చుకునేది ఒక్కటే: మనిషి వాసన ఉన్నచోట తీపి ఉంటుంది. ఈరోజు కొబ్బరిచిప్ప ఇచ్చిన చెయ్యికీ, రేపు ఖాళీగా ఎదురైన చెయ్యికీ తేడా దానికి తెలియదు.

శ్రీకాకుళం ఉద్దానంలో ఎవరూ పిలిచి తిండి పెట్టడం లేదు. కొండల్లో పొదలు, పుట్టలు తరిగిపోయాయి. కింద తోటల్లో జీడిమామిడి, పనస పండి రాలుతాయి. ఎలుగు దిగొస్తుంది. 2022 జూన్‌లో వజ్రపుకొత్తూరు మండలం కిడిసింగి దగ్గర ఒక ఎలుగు రైతును చంపింది, మరికొందరిని గాయపరిచింది. మత్తు సూది వేసి పట్టుకుని విశాఖ జూకు తీసుకెళ్తుంటే అదీ చనిపోయింది. మనిషీ పోయాడు, జంతువూ పోయింది. తిరుమల నడకదారిలో 2023 ఆగస్టులో చిరుత ఒక పసిపిల్లను ఎత్తుకుపోయాక, దారిలో జంతువులకు తిండి పెట్టొద్దని దేవస్థానం గట్టిగా చెప్పాల్సి వచ్చింది. ఆ దారిలోనే ఎలుగులూ కనిపించాయి.

అపోహ: ఎలుగు మనిషి మాంసం కోసం పైబడుతుంది.

వాస్తవం: మన గుడ్డెలుగు నోరు చూస్తే ఈ మాట అనం. పైదవడ ముందు వరసలో రెండు పళ్లు ఉండవు. ఆ సందులోంచి చెదలను గొట్టంతో పీల్చినట్టు పీలుస్తుంది. మట్టి పోకుండా ముక్కుపుటాలు మూసుకుంటుంది. ఆ పీల్చే చప్పుడు వంద మీటర్ల దూరం దాకా వినిపిస్తుంది. చెదలు, చీమలు, తేనె, ఇప్పపువ్వు, తునికిపండు, రేగు, నేరేడు, ఇదీ దాని భోజనం. వేలంత పొడవు గోళ్లు పుట్ట తవ్వడానికే. పుట్టలో మూతి పెట్టి, తన చప్పుడులో తానుండగా ఇప్పపువ్వు ఏరుకునే మనిషి హఠాత్తుగా ఎదురైతే బెదిరి లేస్తుంది. వీపు మీద పిల్లలుంటే చెప్పే పనే లేదు. చలి దేశాల ఎలుగుల్లా ఇది నెలల తరబడి నిద్రపోదు, కాబట్టి ఏ కాలంలోనైనా ఎదురుపడొచ్చు.

అపోహ: చెట్టెక్కితే బతుకుతాం. లేదా చచ్చినట్టు పడుకుంటే వాసన చూసి పోతుంది.

వాస్తవం: చిన్నప్పుడు విన్న ఇద్దరు స్నేహితుల కథ ఇది. తేనెతుట్టె కోసం చెట్టెక్కే జంతువు నుంచి చెట్టు మనల్ని కాపాడదు. శవాన్ని ముట్టదన్నదీ నిజం కాదు, చచ్చిన జంతువును అప్పుడప్పుడు తింటుంది. దూరంగా కనిపిస్తే పరిగెత్తకుండా మెల్లగా వెనక్కి జరగాలి. మీద పడితే బోర్లా పడుకుని రెండు చేతులతో మెడ, తల కప్పుకోవాలి. అది బెదురుతో కొడుతోంది, బెదురు తగ్గితే వెళ్లిపోయే అవకాశం ఉంది.

అపోహ: వెంట్రుక కడితే దడుపు పోతుంది, కొవ్వు రాస్తే మోకాళ్ల నొప్పి పోతుంది, పిత్తం మందు.

వాస్తవం: వెంట్రుకకు, కొవ్వుకు అలాంటి గుణమేదీ లేదు. పిత్తంలో ఒక్క పదార్థం మాత్రం నిజంగా మందే, ఉర్సోడియాక్సీకోలిక్ యాసిడ్. పేరులోని 'ఉర్స్' లాటిన్‌లో ఎలుగే. కానీ ఇప్పుడు దాన్ని పశువుల పిత్తం నుంచి ఫ్యాక్టరీల్లో తయారుచేస్తున్నారు. డాక్టరు రాస్తే నాచారం మెడికల్ షాపులో మాత్రగా దొరుకుతుంది. దానికోసం ఏ ఎలుగూ చావక్కర్లేదు. ఇక దొంగచాటున అమ్మే మాంసం ముక్క ఏ జంతువుదో డీఎన్‌ఏతో తేల్చే పద్ధతిని రూపొందించింది మన ఉప్పల్ రోడ్డు మీదున్న సీసీఎంబీ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలే. అత్తాపూర్‌లోని వాళ్ల లాకోన్స్ ప్రయోగశాలకు అటవీశాఖ కేసుల నమూనాలు వస్తుంటాయి.

నా దండకూ ఒకప్పుడు ఆ వెంట్రుక ఉండేది. నాచారం బస్తీలోకి ఎలుగును ఆడించే కలందర్ డమరుకం వాయించుకుంటూ వచ్చేవాడు. నాకు రాత్రిళ్లు దడుపని అమ్మ రూపాయి ఇస్తే, ఎలుగు మెడ కింద నుంచి రెండు వెంట్రుకలు లాగి రాగి గొట్టంలో పెట్టి ఎర్రదారంతో కట్టాడు. లాగినప్పుడు అది కదల్లేదు. అలాంటి ఎలుగు పిల్లలను తల్లిని చంపి తెచ్చేవారని, కాల్చిన సూదితో ముక్కు పొడిచి తాడు ఎక్కించేవారని నాకప్పుడు తెలియదు. 1998లో కేంద్రం ఎలుగులతో ఆటలు ఆడించడాన్ని నిషేధించింది. వైల్డ్‌లైఫ్ ఎస్‌ఓఎస్ సంస్థ కలందర్లకు వేరే బతుకుదెరువు చూపించి, 2009 డిసెంబరు నాటికి దేశంలోని ఆఖరి ఆట ఎలుగును కూడా విడిపించింది.

బయల్దేరబోతుంటే అక్క గేటు దాకా వచ్చింది. "ఆ గుడ్డెలుగు ముక్కు యాదికుందారా, తాడున్న కాడ ఈగలు ముసిరేవి" అంది. ఉందక్కా అన్నాను.