ఐదవ మితి

ఒక చోటును గుర్తించుటకు పొడవు, వెడల్పు, ఎత్తు అను మూడు కొలతలు కావలెను. వీనినే మితులందురు. ఒక సంఘటనను గుర్తించుటకు కాలమును గూడ చెప్పవలెను. ఐన్‌స్టైన్ 1915లో పూర్తిచేసిన సాధారణ సాపేక్ష సిద్ధాంతములో స్థలకాలమునకు ఈ నాలుగు మితులు గలవు. దాని వంపే గురుత్వాకర్షణ. ఈ స్థలకాలపు జ్యామితిని వర్ణించుటకు 10 రాశులు చాలును. కాని విద్యుదయస్కాంత బలము అందులో ఇమడలేదు. దానికి వేరుగా మరి 4 రాశులు కావలసివచ్చెను.

1919లో కోనిగ్స్‌బర్గ్ నగరమునందలి గణితజ్ఞుడు థియోడర్ కలూజా, స్థలమునకు మరియొక మితి కలదనియు, దాని వెంట ఏదియు మారదనియు భావించి ఐన్‌స్టైన్ సమీకరణములను వ్రాసి చూచెను. ఐదు మితులకు రాశులు 15. వానిలో 10 గురుత్వాకర్షణను తెలిపినవి. 4 విద్యుదయస్కాంత క్షేత్రమును తెలుపుచు మాక్స్‌వెల్ సమీకరణములను అనుసరించినవి. ఒకటి మిగిలిపోయినది. ఈ వ్యాసము 1921లో ప్రకటింపబడెను.

మరి ఆ మితి మనకేల కనబడదు? 1926లో స్వీడను శాస్త్రజ్ఞుడు ఆస్కార్ క్లైన్ దీనికి సమాధానము చెప్పెను. దూరమునుండి చూచువానికి తాటిచెట్టు నిలువు గీతవలె తోచును. దానిపై ప్రాకు చీమ పైకి, క్రిందికేగాక మ్రాను చుట్టును తిరుగగలదు. ఐదవ మితియు ఇట్లే అతి చిన్న వలయముగా చుట్టుకొని యున్నదని క్లైన్ ఊహ. దాని చుట్టుకొలత సెంటీమీటరును 1 ప్రక్కన 30 సున్నలు గల సంఖ్యచే భాగించిన వచ్చునంత. ఆ వలయములో పూర్ణసంఖ్యగల తరంగములే ఇమడును. కనుకనే విద్యుదావేశము ఎలక్ట్రాను ఆవేశమునకు పూర్ణ గుణిజములుగా లభించుచున్నదని అతడు తలచెను.

చిక్కు అచ్చటనే వచ్చినది. అంత చిన్న వలయమున తిరుగు కణమునకు ద్రవ్యరాశి మిక్కిలి హెచ్చగును. తేలికయైన ఎలక్ట్రాను ఆ లెక్కకు అందదు. పైగా కేంద్రకములో పనిచేయు ప్రబల, దుర్బల బలములను గూడ కలుపవలసి వచ్చెను. 1984 తరువాత విస్తరించిన సూపర్‌స్ట్రింగ్ సిద్ధాంతము ఇందుకై 10 మితులను కోరుచున్నది.

దీనిని పరీక్షించుట యెట్లు? దాగిన మితి కొంత పెద్దదైనచో, దాని పరిమాణముకన్న తక్కువ దూరములలో గురుత్వాకర్షణ న్యూటను విలోమ వర్గ నియమమును తప్పవలెను. 2020లో వాషింగ్టన్ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు మిల్లీమీటరులో ఇంచుమించు ఇరువదవ వంతు దూరము వరకు కొలిచి చూచిరి. నియమము తప్పలేదు. అట్టి మితి యున్నచో అది ఇంతకన్నను చిన్నదై యుండవలెను. కలూజా లెక్క ఎంత చక్కగా కుదిరినను, దానికి ప్రయోగ సాక్ష్యము ఇంకను లభింపలేదు.