మిల్లీమీటరు మొక్క, 180 కిలోమీటర్ల గడ్డి

పువ్వు పూసే మొక్కల్లో ప్రపంచంలోకెల్లా చిన్నది కదలని చెరువు నీటి మీద తేలుతూ బతుకుతుంది. పేరు వోల్ఫియా. ఒక్కో మొక్క మిల్లీమీటరుకు అటూ ఇటూ. వేరుండదు, కాండం ఉండదు, ఇదీ ఆకు అని విడిగా చూపించడానికీ ఏమీ ఉండదు. పచ్చటి పూస లాంటి ఆ ఒంటి మీద చిన్న గుంట, అందులో ఒక్క కేసరం, ఒక్క అండకోశం. పువ్వంటే అంతే. భారత ఉపఖండంలో పుట్టిన వోల్ఫియా మైక్రోస్కోపికా అనే జాతికి ఇంకో రికార్డు కూడా ఉంది. అనువైన నీళ్ళు దొరికితే 30 గంటల్లోపే రెట్టింపవుతుంది. ఇంతకన్నా వేగంగా పెరిగే పూల మొక్క ఇంకోటి తెలియదు. దీనికి దగ్గరి బంధువైన మరో జాతిని థాయ్‌లాండ్‌లో కూరగా వండుకుంటారు.

నీటి కలువల్లో పెద్ద ఆకు రికార్డు బొలీవియాది. అక్కడి విక్టోరియా బొలివియానా అనే కలువ ఆకు 3.2 మీటర్ల అడ్డకొలత దాకా పెరిగింది. దీని ఎండు నమూనా లండన్‌లోని క్యూ ఉద్యానవనంలో 177 ఏళ్ళు ఉన్నా, అమెజాన్ కలువే అనుకున్నారు. వేరే జాతి అని తేల్చింది 2022లో.

తామర సంగతి ఇంకా గొప్పది. చైనాలోని లియావోనింగ్‌లో ఎప్పుడో ఎండిపోయిన చెరువు అడుగు మట్టిలోంచి తీసిన తామర గింజ ఒకటి మొలకెత్తింది. రేడియో కార్బన్ పరీక్ష చేస్తే దాని వయసు సుమారు 1300 ఏళ్ళు. నీరు చొరబడని గట్టి పెంకు, లోపల దెబ్బతిన్న ప్రొటీన్లను బాగుచేసుకునే ఎంజైము దాన్ని అన్నాళ్ళు కాపాడాయని పరిశోధకులు చెప్పారు. తామర పువ్వుకు ఒంటి వేడి కూడా ఉంటుంది. చుట్టూ గాలి 10 డిగ్రీలకు పడిపోయినా, విచ్చుకునే రోజుల్లో తన లోపల 30 డిగ్రీలు దాటిన వెచ్చదనాన్ని నిలబెట్టుకుంటుంది. పరాగం మోసే పురుగులకు ఆ వెచ్చదనం ఆశ్రయం.

పురుగులను పట్టే మొక్కల్లో వేగంలో మొదటి స్థానం యుట్రిక్యులేరియాది. మన చెరువుల్లో, వరి మళ్ళలో నీటి కింద సన్నటి పోగుల్లా అల్లుకుని ఉంటుంది. వాటికి చిన్న చిన్న తిత్తులు. తిత్తి తలుపు దగ్గరి వెంట్రుకకు నీటి పురుగు తగిలిందంటే సెకనులో వెయ్యో వంతు లోపే లోపలికి లాగేస్తుంది. నత్రజని తక్కువగా ఉన్న నీళ్ళలో దాని బతుకుతెరువు అదే.

అన్నిటికన్నా పెద్ద మొక్క ఆస్ట్రేలియాలోని షార్క్ బే అనే లోతు లేని సముద్రంలో ఉంది. 180 కిలోమీటర్ల పొడవునా పరుచుకున్న సముద్రపు గడ్డి అంతా ఒకే మొక్కని 2022లో జన్యు పరీక్షలు నిరూపించాయి. ఒక్క విత్తనం నుంచి కనీసం 4500 ఏళ్ళుగా పాకుతూ వస్తోంది. అది సముద్రం కదా, చిత్తడి నేలల మొక్కల గురించి చెబుతూ దాన్ని ఎలా చేర్చారని అనుమానం రావచ్చు. 1971లో ఇరాన్‌లోని రామ్సార్ పట్టణంలో దేశాలు కుదుర్చుకున్న ఒప్పందం ప్రకారం, పోటు తగ్గినప్పుడు 6 మీటర్లు మించని సముద్రం కూడా చిత్తడి నేలే.

మధ్య ఆఫ్రికాలోని కాంగో నదీ ప్రాంతంలో ఉన్న చిత్తడి అడవి కింద మన తెలంగాణ కన్నా విశాలమైన పీట్ నేల ఉందని 2017లో లెక్కతేలింది. నీటిలో నానుతూ గాలి అందక కుళ్ళని ఆకులూ వేళ్ళూ వేల ఏళ్ళుగా పేరుకున్న ఆ నేలలో దాదాపు 3000 కోట్ల టన్నుల కార్బన్ నిలవుంది. ఆ నేల ఎండితే ఆ కార్బన్ గాలిలో కలవడం మొదలవుతుంది.

మన దేశానికీ ఒక అరుదైన రికార్డుంది. ప్రపంచంలో తేలియాడే జాతీయ పార్కు ఒక్కటే, అది మణిపూర్‌లోని కైబుల్ లామ్‌జావో. లోక్‌తక్ సరస్సు మీద గడ్డి, వేళ్ళు, మట్టి కలిసి పేరుకున్న తెప్పలను అక్కడివాళ్ళు ఫుమ్డీలంటారు. వాటి మీదే సంగై జింక తిరుగుతుంది. 1975లో ఆకాశం నుంచి లెక్కిస్తే మిగిలినవి 14. వేటగాళ్ళను కట్టడి చేశాక సంఖ్య పెరిగింది. అసలు ముప్పు మాత్రం నీటి దగ్గర మొదలైంది. పూర్వం వేసవిలో నీరు తగ్గితే ఫుమ్డీలు అడుగుకు దిగేవి, వేళ్ళు మట్టిని అందుకుని సత్తువ తెచ్చుకునేవి, వానలకు మళ్ళీ తేలేవి. కరెంటు కోసం కట్టిన ఇథాయ్ బ్యారేజీ 1983 నుంచి ఏడాది పొడవునా నీటిని ఎత్తుగా నిలిపి ఉంచుతోంది. ఫుమ్డీలు దిగడం లేదు, పలచబడుతున్నాయి, జింక బరువు మోయలేకపోతున్నాయి. నీరు ఉంటే చాలు చిత్తడి నేల బతుకుతుందనుకునేవాళ్ళు ఈ ఒక్కటి గమనించాలి. నీరు రావడం ఎంత అవసరమో, తగ్గడమూ అంతే అవసరం.

రాజస్థాన్‌లోని భరత్‌పూర్ పక్షుల పార్కులో ఇంకో రకం పొరపాటు జరిగింది. పక్షులకు మేలని 1982లో గేదెల మేతను నిషేధించారు. గ్రామస్తులు ఎదురు తిరిగారు, పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. తర్వాత జరిగిందేమిటంటే, మేసేవి లేక నీటి గడ్డి దట్టంగా అల్లుకుంది, బాతులు ఈదే ఖాళీ నీరు తగ్గిపోయింది. అక్కడే ఏళ్ళ తరబడి అధ్యయనం చేసిన బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ శాస్త్రవేత్తలు, గేదెలే ఆ గడ్డిని అదుపులో ఉంచేవని తేల్చారు. చివరికి గడ్డి కోసుకోమని అధికారులే ఊళ్ళవాళ్ళను పిలవాల్సి వచ్చింది. పశువుల కాపరికి తెలిసిన సంగతి నిషేధం రాసినవాళ్ళకు తెలియలేదు. నాకు ఇది చాలా బాధ కలిగించే కథ.

బాగుపడ్డ రికార్డు ఒడిశాలోని చిలికా సరస్సుది. మేట వేసి సముద్ర ముఖద్వారం పూడుకుపోవడంతో ఉప్పదనం తగ్గి, మంచినీటి కలుపు కమ్మేసింది. 1993లో రామ్సార్ ఒప్పందం కింద ప్రమాదంలో ఉన్న ప్రాంతాల జాబితాకెక్కింది. 2000 సెప్టెంబరులో సముద్రంలోకి కొత్త ముఖద్వారం తవ్వారు. ఉప్పునీరు తిరిగొచ్చింది, కలుపు వెనక్కి తగ్గింది, చేపలు పెరిగాయి. 2002లో ఆ జాబితా నుంచి బయటపడింది. ఆసియాలో అలా బయటపడ్డ మొదటి ప్రాంతం అదే.

అదే 2002లో మన కొల్లేరు రామ్సార్ గుర్తింపు పొందింది. బుడమేరు, తమ్మిలేరు తెచ్చే నీటిని ఉప్పుటేరు సముద్రానికి చేరవేయాలి. చేపల చెరువుల గట్లు ఆ దారికి అడ్డుపడ్డాయి. 2006లో ఎన్నో గట్లు కొట్టేశారు. మళ్ళీ వెలిశాయి. పైనుంచి వచ్చే ఎరువులు, మురుగు తిని గుర్రపు డెక్క బలుస్తోంది. దక్షిణ అమెరికా నుంచి వచ్చిన ఈ మొక్క రెండు వారాల్లో రెట్టింపు కాగలదు. విత్తనం బురదలో 15 ఏళ్ళకు పైగా ప్రాణంతో ఉంటుంది. అందుకే యంత్రాలు పెట్టి పీకేసినా మళ్ళీ వస్తుంది. దాని తిండి ఆపాలి, అంటే మురుగు ఆపాలి.

మన పట్టణాల్లో సుందరీకరణ పేరిట చెరువు చుట్టూ రాయి పరిచి, ఉన్న మొక్కలన్నీ తీసేస్తున్నారు. జమ్ము, తుంగ, కిక్కిస వేళ్ళ దగ్గరి సూక్ష్మజీవులు మురికిని విరగ్గొడతాయి, నీటికోళ్ళు ఆ దుబ్బుల్లోనే గూడు కడతాయి. మీ ఊరి చెరువుకు అలాంటి పనులు మంజూరైతే, కనీసం ఒక ఒడ్డునైనా మొక్కలకు వదిలేయమని మున్సిపాలిటీకి అర్జీ పెట్టండి. మురుగు కాలువ మళ్ళించాకే మిగతా పని మొదలుపెట్టమని అందులో రాయండి.